పరస్థానం పెట్టిన పడవ

ఆ ఆదివారానికి శ్రీవాసవి వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. బద్వేలులోని ఒక బ్యాంకు సిబ్బందిని పొద్దున్నే జీపెక్కించాలి. గండికోట లోయలో పెన్న ఒడ్డున దించాలి. గాలి కొట్టిన రబ్బరు పడవలో కూర్చోబెట్టి, బండల మధ్య నురగలు కక్కే నీళ్ళ మీదుగా దిగువకు తీసుకుపోవాలి. రాత్రికి ఎవరి ఇంటి ముందు వాళ్ళను దించేయాలి. హిమాలయాల కింద ఈ విద్య నేర్చుకుని వచ్చిన పిల్లకు ఇదొక లెక్క కాదు. పైగా చాలా ఏళ్ళ తర్వాత పెన్న నిండుగా పారుతోంది. ఈ సీమలో పడవ కొనుక్కున్న మనిషికి అంతకంటే చల్లని కబురు ఉండదు.

చిక్కంతా ఇంట్లోనే ఉంది. ఆమె తండ్రి నాగేశ్వరయ్యకు బజారులో కిరాణా అంగడి ఉంది. తన తర్వాత ఆ గద్దె మీద కూతురే కూర్చుంటుందని ఆయన ఎప్పుడో తీర్మానించుకున్నాడు. కూతురు అలిగి, అన్నం మాని, తల్లి చెన్నమ్మ చేత చెప్పించి, చివరికి ఒక ఒప్పందం సాధించింది. ఈ మొదటి యాత్ర బాగా జరిగితే ఆమె దారిన ఆమెను పోనిస్తాడు. రసాభాస అయితే సోమవారం నుంచి అంగట్లో కూర్చుని చింతపండు తూచాలి. శ్రీవాసవికి సుడిగుండాలంటే భయం లేదు గానీ, ఆ చింతపండు తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు.

శనివారం నాగేశ్వరయ్య పంచాంగం తీసి, ముఖం వేలాడేశాడు.

"ఆదివారం పడమరకు వారశూల పాపా. గండికోట మనకు పడమరే గదా."

"బ్యాంకోళ్ళకు సెలవు ఆ రోజే నాయనా. మళ్ళా వారానికి నీళ్ళుంటాయో లేదో ఎవురికి తెలుసు?"

"పోవద్దంటానా? పరస్థానం పెడదాం. అప్పుడేం కాదు."

బయలుదేరే రోజు మంచిది కానప్పుడు, ముందురోజే మంచి ఘడియ చూసి, మూటను ఇల్లు దాటించి, వెళ్ళే దిక్కున ఉన్న మరొకరి ఇంట్లో పెట్టడమే పరస్థానం. మూట బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే. మర్నాడు దోవలో మూట అందుకుని పోతే శూలకు మనతో పని ఉండదు. ఆ వీధి వాళ్ళ మూటలన్నీ పడమటి కొసన ఉన్న గురమ్మ ఇంట్లోనే దిగుతాయి. గురమ్మ ఈ బాధ్యతను నిష్ఠగా మోసే మనిషి. తన ఇంట్లో దిగిన మూటను గమ్యం చేరేదాకా విప్పకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. ఆ నియమం ఏ శాస్త్రంలో ఉందని అడిగే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు.

పోనీలే, పెద్దాయన మనసు కుదుటపడితే చాలనుకుంది శ్రీవాసవి. రబ్బరు పడవ, గాలిపంపు, లైఫ్ జాకెట్లు, హెల్మెట్లు అన్నీ పెద్ద నీలం పట్టా సంచిలో కుక్కి గురమ్మ ఇంటికి మోయించారు. తెడ్లు మాత్రం అందులో పట్టక ఇంట్లోనే ఉండిపోయాయి. ఆ సంచి నాగేశ్వరయ్య అంగట్లోదే. బద్వేలులో అట్లాంటి సంచి ఎవరి చేతిలో కనిపించినా అది తన సరుకేనని ఆయన గర్వంగా చెప్పుకుంటాడు. ఆ గర్వమే కొంప ముంచింది.

ఆదివారం పొద్దున తెడ్లు జీపు పైన కట్టుకుని, గురమ్మ ఇంటి ముందు ఆగారు. వసారాలో ఉన్న సంచిని గురమ్మే చూపించింది.

"ఒకసారి ముడి తీసి చూస్తా అవ్వా," అంది శ్రీవాసవి.

"ఈడ విప్పితే ఇంక పరస్థానం యాడిది? ఏసుకోని పో తల్లీ."

జీపు డ్రైవరు గాబ్రియేలు సంచిని వీపు మీదికి ఎత్తుకున్నాడు. "మా ఇండ్లల్లో ఈ శూలల లెక్క లేదమ్మా. బరువు మటుకు శానా ఉండాది," అన్నాడు.

బ్యాంకు బృందానికి పెద్ద రాఘవేంద్రప్రసాద్, మేనేజరు. కర్నూలు మనిషి, మీసం దిట్టమైనది. సిబ్బందంతా ఏదో ఒక సాహసం చేసి రావాలని పైఆఫీసు నుంచి ఉత్తర్వు రావడంతో ఈ యాత్రకు పూనుకున్నాడు. జీపులో ఉన్నంతసేపూ తాను వయసులో తుంగభద్రను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదిన వైనం చెప్పాడు. క్యాషియర్ ప్రసన్నకుమారి తనకు నీళ్ళంటే ప్రాణమంది. మిగతావాళ్ళు కూడా తలా ఒక బావి పేరో చెరువు పేరో చెప్పి పరువు నిలబెట్టుకున్నారు. మైదుకూరు దాటాక మాటలు తగ్గాయి. జమ్మలమడుగు దాటాక ఎవరూ నోరు తెరవలేదు. శూరులకు యుద్ధం ముందు ఇట్లాగే ఉంటుంది కాబోలు అనుకుంది శ్రీవాసవి.

లోయలో ఎర్రటి బండల మధ్య పెన్న హోరెత్తుతోంది. ఇసుక మీద తెడ్లు వరసగా పరిచి, శ్రీవాసవి సంచి ముడి విప్పింది. పైన ముఖమల్ కోటు ఉంది. దాని కింద ఇంకొకటి. చేయి లోపలికి పోనిస్తే ఇత్తడి కిరీటం తగిలింది. ఇంకాస్త లోపల గడ్డాలు, జడలు, కొయ్య గద. అడుగుదాకా తడిమినా రబ్బరన్నది లేదు. ఆమె కళ్ళ ముందు చింతపండు బుట్టలు వరసగా కనబడ్డాయి. గబగబా ముడి బిగించేసి వెనక్కు తిరిగింది.

"సార్, నీళ్ళలోకి దిగే ముందు ఒళ్ళు కాస్త వేడెక్కాల. ముందు ఈ కొండ ఎక్కుదాం."

అందరూ చటుక్కున లేచారు. అంత ఉత్సాహం ఎందుకో ఆలోచించే స్థితిలో లేదామె. కొండెక్కితేనే సెల్‌ఫోనుకు సిగ్నలు. బండలు పట్టుకుని, ముళ్ళకంపలు తప్పించుకుని పైకి చేరాక, ఒక పక్కకు పోయి అంగడికి ఫోను చేసింది.

"నాయనా, సంచిలో కిరీటాలు ఉండాయి."

"ఎన్ని?" అన్నాడు నాగేశ్వరయ్య. వ్యాపారి కదా.

"ఎన్నుంటే ఏంది నాయనా, పడవ లేదు."

నాగేశ్వరయ్య ఫోను అట్లాగే బల్ల మీద పెట్టి గురమ్మ ఇంటికి పరుగెత్తాడు. ఎగరొప్పుతూ తిరిగొచ్చి సంగతి చెప్పాడు. పౌరాణిక నాటకాలాడే నారాయణ జట్టుకు ఆ రాత్రి జమ్మలమడుగు పక్కన ఒక పల్లెలో ఆట ఉంది. వారశూల ఊరందరికీ ఒకటే కాబట్టి, వాళ్ళూ శనివారమే వేషాల మూట తెచ్చి గురమ్మ వసారాలో పెట్టారు. అదీ నీలం సంచే. అదీ నాగేశ్వరయ్య అమ్మిందే. తెల్లవారకముందే వచ్చి చేతికందినది ఎత్తుకుపోయారు.

"నారాయణకు ఫోను లేదు. నేనే పోయి తెస్తా. అందాక వాళ్ళను ఎట్లోకట్ల నిలబెట్టుకో పాపా," అన్నాడు.

ఆదివారం పూట, పడమరకు, ఒక్క మూటైనా ముందు పంపకుండా నాగేశ్వరయ్య గడప దాటడం అదే మొదటిసారి. చెన్నమ్మ అంగట్లో నుంచి ఒక బెల్లం ముక్క తెచ్చి ఆయన నోట్లో పెట్టింది. దాన్నే రక్షణగా చప్పరిస్తూ ఆయన అద్దెకారు ఎక్కాడు.

ఇక్కడ కొండ మీద రాఘవేంద్రప్రసాద్ కూతవేటు దూరంలో నిలబడి ఉన్నాడు. ఫోనులో మాటలు కొన్ని చెవిన పడినట్టున్నాయి.

"బోటు సంగతి ఏమైందమ్మా?"

"వస్తాండాది సార్. కొంచెం ఆలస్యమైతాది."

"కొంచెమేనా? శానానా?"

ఆ గొంతులో ఉన్నది కోపమని శ్రీవాసవి అనుకుంది. దాన్ని చల్లార్చడానికి అందరినీ ఇంకో కొండ ఎక్కించింది. అక్కడ గాలి బాగుంది, కింద నది అందంగా ఉంది. దూరంగా ఉన్నంతవరకు నదిని అందరూ మెచ్చుకున్నారు. "ఆ అవతలి గుట్ట కూడా ఎక్కిస్తావా అమ్మా?" అంది ప్రసన్నకుమారి. ఎత్తిపొడుస్తోందనుకుని శ్రీవాసవి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. అయినా ఆ గుట్ట కూడా ఎక్కించింది.

మధ్యాహ్నం అందరూ కిందికి దిగి, చెన్నమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం, ఓళిగలు తిన్నారు. మేనేజరు చేయి కడుక్కుంటూ సంచి వైపు చూశాడు. ముడి జారి, కిరీటం కొన బయటికి వచ్చి ఉంది.

"ఇదేందమ్మా? ఇది కూడా సాహసంలో భాగమేనా?"

శ్రీవాసవికి అబద్ధం వెతుక్కునే ఓపిక అయిపోయింది. సంచి మారిపోయింది సార్ అని చెప్పేసింది. ఇంక తిట్లు మొదలవుతాయని తల వంచుకుంది. రాఘవేంద్రప్రసాద్ తిట్టలేదు. కిరీటం తీసి, తుడిచి, తలకు పెట్టుకున్నాడు. కాలేజీలో రాజు వేషం కట్టాడట. పెళ్ళయ్యాక మళ్ళీ ముఖానికి రంగు పడలేదట. గద భుజాన వేసుకుని, నదికేసి తిరిగి ఒక పద్యం అందుకున్నాడు. ఆయన రాగం ఎత్తి వదిలేస్తే లోయ అందుకుని ఇంకోసారి పాడింది. తన గొంతు అంత గొప్పదని ఆయనకు ఆ రోజే తెలిసింది. చూస్తుండగానే గుమాస్తాలు మంత్రులయ్యారు. ప్రసన్నకుమారి గడ్డం తగిలించుకుని మునిగా మారి, ఇన్నాళ్ళూ తన సెలవు చీటీలు ఆపిన మేనేజరుకు చీటీకొక శాపం పెట్టింది. రాజు చేతులు కట్టుకుని అన్నీ స్వీకరించాడు.

వాళ్ళు అట్లా నవ్వుతుంటే శ్రీవాసవి దూరంగా పోయి ఒక బండ మీద కూర్చుంది. ఇది పరాచికమేనని, తన బతుకు నవ్వులపాలైందని అనుకుంది. కళ్ళు మాత్రం దారి మీదే ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా ఆ దారిన ఒక ట్రాక్టరు వచ్చింది. ట్రాలీ మీద నిండా గాలి కొట్టిన పడవ, పడవలో నారాయణ జట్టు మొత్తం, జట్టు నడుమ నాగేశ్వరయ్య. వేషాల బదులు దొరికినదేమిటో తెలుసుకుందామని పల్లె జనమంతా వంతులేసి పంపు కొట్టారట. గాలి ఎట్లా తీయాలో ఎవరికీ అంతుపట్టలేదు. కారులో పట్టదు కాబట్టి ట్రాక్టరు కట్టించాల్సి వచ్చింది. నటులందరూ జాకెట్లు బిగించి, హెల్మెట్లు పెట్టుకుని ఉన్నారు. ఇదే కొత్త వేషమనుకున్నారో ఏమో, మహా గంభీరంగా కూర్చున్నారు. ఊగుతున్న పడవను రెండు చేతులా పట్టుకుని నాగేశ్వరయ్య కళ్ళు మూసుకున్నాడు.

శ్రీవాసవికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. "సార్, పడవ వచ్చేసింది. ఇంకా వెలుగుండాది, దిగొచ్చు," అని సంతోషంగా వెనక్కు తిరిగింది.

రాజుగారి చేతిలో గద ఇసుకలో పడింది. మంత్రులు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. రాఘవేంద్రప్రసాద్ ఆమెను ఒక బండ చాటుకు పిలిచి, కిరీటం తీసి చేత పట్టుకున్నాడు.

"అమ్మా, నాకు ఈత రాదు. తుంగభద్ర మీద నేను వంతెన తప్ప ఏదీ దాటలేదు. నిన్న రాత్రంతా నిద్ర లేదు. పడవ పోయిందని నువ్వు చెప్పినావే, అప్పుడు నీ కాళ్ళకు దండం పెడదామనుకున్యా."

బండ అవతల నుంచి ప్రసన్నకుమారి గొంతు వినిపించింది. "సార్, మీకూ రాదా? మీరుండారని ధైర్యం చేసి వచ్చినా నేను."

ఆ తర్వాత అందరూ తలొక బావినీ చెరువునూ వెనక్కు తీసుకున్నారు. అందరిలోనూ ఈత వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఇట్లాంటి రోజు మా ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదమ్మా అని ఆమెకు దండాలు పెట్టారు. పొద్దుటి నుంచి తాను భయపడిన ప్రతి ముఖంలోనూ ఉన్నది తనకంటే పెద్ద భయమని తెలిశాక, శ్రీవాసవికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నారాయణ మాత్రం జాకెట్టు విప్పనని మొండికేశాడు. "మా కిరీటాలు మీరు పెట్టుకోలేదా? మీ పడవ మేమెందుకు ఎక్కగూడదప్పా?"

న్యాయమైన ప్రశ్న. మేనేజరు ఒక్క నిమిషం ఆగమని బతిమాలి, జాకెట్లు, హెల్మెట్లు ఇప్పించుకుని, తన బృందంతో పడవ పక్కన తెడ్లెత్తి నిలబడ్డాడు. గాబ్రియేలు ఫోటో తీశాడు. తర్వాత జాకెట్లు నటులకు తిరిగి ఇచ్చి, ఇసుక మీద హాయిగా చతికిలబడ్డారు.

ట్రాలీ దిగడానికి మోకాళ్ళు సహకరించక, నాగేశ్వరయ్య ఇంకా పడవలోనే ఉన్నాడు. "మీరు దిగండి నాయనా," అంది శ్రీవాసవి. ఆయన నటులను చూశాడు, నదిని చూశాడు, కూతురిని చూశాడు. "శూలకే ఎదురొచ్చినా. ఇంక దీనికేంది. ఉండనీ," అన్నాడు. ఆమె ఒక జాకెట్టు తెచ్చి ఆయనకు తన చేతులతోనే బిగించింది.

పడవ నీళ్ళలో పడింది. మొదటి సుడి దగ్గరే నటుల గాంభీర్యం కొట్టుకుపోయింది. "ఎడమ పక్క వెయ్యండి. ఆపండి. ఇప్పుడు అందరూ ముందుకు," అని వెనక నుంచి శ్రీవాసవి గొంతు కత్తిలా వస్తోంది. ఇన్నేళ్ళూ తన మాట వినాల్సిన పిల్లగానే ఆమెను చూసిన నాగేశ్వరయ్య, ఆ పిల్ల మాట వినకపోతే మునిగిపోతానని అర్థమై, చెప్పినట్టల్లా తెడ్డు వేశాడు. బండలు తప్పించుకుని, పడవ నిదానమైన నీళ్ళలోకి జారింది. పక్కనున్న నారాయణ గొంతెత్తి పద్యం అందుకున్నాడు. నాగేశ్వరయ్య వెనక్కు తిరిగి చూశాడు. తడిసి ముద్దయి, తెడ్డు పట్టుకుని, నీళ్ళను చదువుతూ నిలబడిన కూతురు ఆయనకు కొత్త మనిషిలా కనిపించింది. ఆయనకు గర్వంగానూ ఉంది, ఇన్నాళ్ళూ చూడలేదే అని సిగ్గుగానూ ఉంది.

ఒడ్డున దిగి పంచె పిండుకుంటూ, "రేపు అంగడి నేనే చూసుకుంటాలే పాపా," అన్నాడు. శ్రీవాసవి అక్కడే ఇసుకలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మేనేజరు పంపిన ఫోటో పైఆఫీసులో పటం కట్టి తగిలించారు. అందులో ఒక్కరి బట్టలైనా తడిసి లేవన్న సంగతి అక్కడెవరికీ తట్టలేదు. జిల్లాలోని శాఖలన్నీ అట్లాంటి ధైర్యమే చూపాలని ఉత్తర్వు వెళ్ళింది. బృందాల వెనక బృందాలు వచ్చాయి. మీసాలు మెలేసి, జీపులో చెరువుల కథలు చెప్పుకుంటూ వచ్చాయి.

ఇప్పుడు శ్రీవాసవి ప్రతి బృందం పెద్దనూ బయలుదేరే ముందు పక్కకు పిలిచి, పడవ దొరకాలా, దొరకకూడదా అని మెల్లగా అడిగి తెలుసుకుంటుంది.