దోమలు కావలెను

"ఇయ్యాలటి నుంచి మన వార్డుల దోమ అనేది చరిత్ర" అని కార్పొరేటర్ కిషన్ రావు గారు చిక్కడపల్లిలో వేదికెక్కి ప్రకటించారు. నారాయణగూడ ఫ్లైఓవర్ నుంచి అశోక్‌నగర్ చౌరస్తా దాకా ప్రతి స్తంభానికీ ఆయన ఫొటో, దాని కింద 'దోమల పాలిట సింహం' అనే బిరుదు వేలాడుతున్నాయి. కార్పొరేషన్ వారిచ్చిన 'దోమ రహిత వార్డు' పురస్కారం చేతిలో పట్టుకుని మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన తన మెడ మీద తానే ఫట్‌మని చరుచుకున్నారు. అది చప్పట్లకు సైగ అనుకుని జనం చప్పట్లు కొట్టారు. నిజానికి చాలామంది ముందు నుంచీ కొడుతూనే ఉన్నారు, చెవుల దగ్గరా, మోకాళ్ల దగ్గరా.

ఆ బిరుదు గోవర్ధన్ కనిపెట్టింది. కిషన్ రావు గారికి ఉపన్యాసాలు రాసిపెట్టడం, ఫ్లెక్సీలు కట్టించడం, ఆయన అన్న మాటలు అనలేదని పేపరు వాళ్లకు ఫోన్ చేసి చెప్పడం అతని పని. నాయకుడంటే భక్తి ఉన్నవాడు. భార్య సంయుక్త అంటే భయం ఉన్నవాడు. ఈ రెండూ ఉన్న కార్యకర్త ఎక్కడా చెడిపోడు.

సంయుక్త చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులోని బస్తీ దవాఖానాలో నర్సు. పురస్కార సభ ముగించుకుని ఇంటికొచ్చిన మొగుడికి ఆవిడ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

"మీ సింహం దోమల్ని తరిమిండంటివి. దవాఖానల జ్వరాల లైను చూసినవా? గేటు దాటి కూరగాయల బండ్ల దాక పోయింది."

"వేరే వార్డు దోమలు కుట్టినయి కావచ్చు" అన్నాడు గోవర్ధన్.

"ఉదయ్ కుమార్‌ని గూడ వేరే వార్డు దోమనే కుట్టిందా?"

ఉదయ్ కుమార్ అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ ఏళ్ల తరబడి గ్రూప్స్‌కు చదువుతున్న కుర్రాడు. జ్వరంతో వస్తే, బయట ల్యాబులో ప్లేట్‌లెట్లు చూపించుకొమ్మని సంయుక్తే చెప్పి పంపింది. అతను మెస్ బిల్లు కట్టి, పరీక్ష తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. మూడోనాడు లైబ్రరీలో పుస్తకం మీద తల పెట్టినవాడు లేవలేదు. తోటి పిల్లలు ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తారు. బతికాడు గాని, చివరిదాకా వెళ్లి వచ్చాడు. రక్తపరీక్ష కోసం బయటికి పంపినందుకు సంయుక్తకు తన మీద తనకే కోపంగా ఉంది, ఆ కోపం వెళ్లడానికి ఇంట్లో మొగుడు తప్ప వేరే దారి లేదు.

"ఒక్క ప్లేట్‌లెట్ల మిషన్ ఉంటే ఆ పిలగానికి గా గతి పట్టకపోవు. తెప్పిస్తవా లేదా?"

"అన్నతోని మాట్లాడుత."

"మాట్లాడకు. తెప్పియ్యి. మిషన్ వచ్చేదాక నీ చాయ్ బయటనే."

ఆ మరుసటి వారమే పైనుంచి ప్రజారోగ్య గ్రాంటు గురించి సర్క్యులర్ దిగింది. దోమల బెడద అధికంగా ఉన్న వార్డును గుర్తించి గ్రాంటు ఇస్తారట. దరఖాస్తుతో పాటు ఆ సొమ్ము దేనికెంతో ముందే కేటాయించి చూపాలట. కిషన్ రావు గారు వార్డు కమిటీని అత్యవసరంగా పిలిపించారు. బల్ల మీది పురస్కారాన్ని తువ్వాలుతో కప్పారు.

"మన వార్డుల దోమలు లేవని ఎవడన్నడు?"

కమిటీ అంతా మొహమొహాలు చూసుకుంది. "మీరే అన్నరన్నా" అన్నాడు గోవర్ధన్.

"గది పోయిన వారం ముచ్చట. ఏ వారానికి ఆ వారం మాట్లాడాలె. మన దోమలు మనయి. వాటి పైసలు పక్క వార్డు కవాడిగూడోళ్లు ఎట్ల తీస్కపోతరు?"

దూరదృష్టి అంటే ఇలా ఉండాలి. అక్కడికక్కడే కేటాయింపులు మొదలయ్యాయి. మొదటి వాటా గ్రాంటు స్వీకార సభకు వెళ్లింది. వచ్చిన గ్రాంటును ఎవరూ వేదికెక్కి స్వీకరించకపోతే ఇచ్చినవాళ్లకు అవమానం కదా. తర్వాతి వాటా నారాయణగూడలో కట్టబోయే 'దోమల అవగాహన ద్వారం'కి. ద్వారం మీద కిషన్ రావు గారి బొమ్మ ఉంటుంది, అవగాహన దాని కింది నుంచి నడిచి వెళుతుంది. ఆ తర్వాత ఊటీకి అధ్యయన యాత్ర.

"ఊటీ ఎందుకన్నా?" అన్నాడు ఒక సభ్యుడు.

"ఆడ చలికి దోమలు ఉండయట. ఎందుకుండయో పోయి చూడాలె."

"ఫ్యామిలీలు గూడ రావొచ్చునా?"

"రావొచ్చు కాదు, రావాలె. దోమ మగోళ్లనే కుడతదా?"

ఆ వాదనకు తిరుగు లేకపోయింది. గోవర్ధన్ సందు చూసుకుని, బస్తీ దవాఖానాకు ప్లేట్‌లెట్ల మిషన్ అని చెవిలో వేశాడు.

"మిషన్ దోమలను చంపుతదా?"

"లేదన్నా. రక్తం చూస్తది."

"రక్తం చూసేటందుకు దోమలున్నయి గద. మల్ల మిషన్ ఎందుకు?" అన్నారు కిషన్ రావు గారు. కాని కార్యకర్త మొహం చిన్నబోవడం చూసి ఆయన మనసు కరిగింది. "సరే, ఇతరములల్ల రాయి."

ఇతరములలో అప్పటికే సమోసాలు, డప్పులు, కిషన్ రావు గారి కారుకు సీటు కవర్లు ఉన్నాయి. అందరూ సర్దుకుని మిషన్‌కు కూడా కొంచెం చోటిచ్చారు. గోవర్ధన్ ఆనందంగా ఇంటికెళ్లి చెబితే సంయుక్త చాయ్ గిన్నె వైపు కూడా చూడలేదు.

తనిఖీ బృందం వచ్చే సోమవారం వస్తుందని కబురొచ్చింది. దోమలను కళ్లారా చూస్తే తప్ప గ్రాంటు ఇవ్వరట. ఆధారాలు చూపించడమంటే కిషన్ రావు గారికి చిన్నప్పటి నుంచీ పట్టుదల. ముందుగా దోమల పొగ మిషన్ ఆపించమన్నారు. వాకబు చేస్తే అది ఆగిపోయి చాలాకాలమైందని తేలింది. అయినా ఆపించినట్టు ఒక ఫొటో తీయించారు. మార్కెట్ నుంచి కొబ్బరిబోండాల చిప్పలు, మెకానిక్ షెడ్ల నుంచి పాత టైర్లు, ఇళ్ల మేడల మీది విరిగిన కూలర్లు తెప్పించి, సందుసందుకూ పెట్టించి నీళ్లు పోయించారు. తాగడానికి రాని నీళ్లు ఆ నాలుగు రోజులు ట్యాంకర్లలో దోమల కోసం వచ్చాయి.

బాధితుల ప్రతినిధిగా ఉదయ్ కుమార్‌ను ఎంపిక చేశారు. వాడిని ఒప్పించడానికి గోవర్ధనే హాస్టల్‌కు వెళ్లాడు.

"తనిఖీకి వచ్చే మేడమ్ ముందల నిలబడి దోమ కుట్టిందని చెప్పాలె తమ్మీ."

"అన్నా, గిది అవుట్‌సోర్సింగా, పర్మనెంటా?" అన్నాడు ఉదయ్ కుమార్.

సంయుక్తకు ఈ సేద్యమంతా తెలిసింది. "మందు తెచ్చేటందుకు రోగం పెంచుతున్నరా?" అని అడిగింది.

"గ్రాంటు కోసం" అన్నాడు గోవర్ధన్ నిజాయితీగా. ఆ మాట నోటి నుంచి వచ్చాక మాత్రం అతనికి సిగ్గేసింది. దవాఖానా గేటు బయట పిల్లల్ని భుజాన వేసుకుని నిలబడ్డ తల్లులు గుర్తొచ్చి అన్నం సయించలేదు. అయినా మిషన్ ఇతరములలో ఉంది. ఇతరములు గ్రాంటులో ఉన్నాయి. గ్రాంటు దోమల్లో ఉంది.

సోమవారం పొద్దున్నే గోవర్ధన్ స్కూటర్ తీసి రోడ్డెక్కగానే బ్రేకు వేశాడు. నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ దాకా రోడ్డుకు రెండు వైపులా తెల్లగా, తాడు పట్టి గీసినట్టు బ్లీచింగ్ పౌడర్ గీత. డ్రైనేజీల్లో నల్లటి మట్టి అంతా ఎత్తేశారు. టైర్లు లేవు, బోండాల చిప్పలు లేవు, కూలర్లు బోర్లా పడి ఉన్నాయి. సందులన్నీ పొగ. ఎన్నేళ్లుగానో మూలనపడ్డ పొగ మిషన్ ఎవరో మంత్రం వేసినట్టు లేచి కూర్చుని కక్కుతోంది.

పారిశుద్ధ్యం సూపర్‌వైజర్ శ్రీపతి చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. ఆ మనిషి మొహంలో పండగ కనిపించింది.

"ఏం చేసినవు శ్రీపతన్నా?"

"పెద్ద మేడమ్ వస్తున్నరు గద."

"దోమలను చూడనీకి వస్తున్నరు."

"గదే గద నేను చెప్పేది. మేడమ్ చూడనీకొచ్చినప్పుడు దోమలు కనవడితే మన ఇజ్జత్ ఏమైతది?"

శ్రీపతికి ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు. ఇవ్వనక్కర్లేదు. పెద్దవాళ్లు వస్తున్నారన్న మాట చెవిన పడితే చాలు, అతని చేతులు వాటంతటవే పౌడర్ డబ్బా అందుకుంటాయి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అంతే.

తనిఖీ అధికారి రత్నమాల మేడమ్ బృందంతో దిగారు. సందులన్నీ తిరిగి, నాలా పక్కన చొక్కా చేతులు పైకి మడిపించి తన సిబ్బందిని నిలబెట్టారు. ఒక్క దోమ వాలలేదు.

"ఏవండీ కిషన్ రావు గారూ, మీ వార్డులో దోమలు విపరీతంగా ఉన్నాయని రాశారు. వెతికినా కనబడటం లేదే?"

"ఉన్నయి మేడమ్. నిన్నటిదాక మస్తుండె. కొత్తోళ్లను చూసి సిగ్గుపడుతున్నయి."

ఉదయ్ కుమార్‌ను ముందుకు తోశారు. "నన్ను కుట్టింది మేడమ్" అన్నాడు వాడు.

"ఇప్పుడు కూడా కుడుతున్నాయా బాబూ?"

ఉదయ్ కుమార్ అటూ ఇటూ చూశాడు. కిషన్ రావు గారు కళ్లతోనే బతిమాలారు. "ఇప్పుడైతే లేవు మేడమ్" అన్నాడు వాడు. పోటీ పరీక్షల్లో నైతిక విలువల పేపరు పెట్టడం వల్ల జరిగే అనర్థాలు ఇవే. కిషన్ రావు గారు చివరి ప్రయత్నంగా తల వంచి మెడ మీది దోమకాటు చూపించారు గాని, మేడమ్ ఆయన వినయానికి మెచ్చుకుని కారెక్కారు.

ఆ గ్రాంటు కవాడిగూడకూ రాలేదు, బర్కత్‌పురకూ రాలేదు. మేడమ్ కారు ఏ వార్డుకు వెళితే ఆ వార్డులో ముందే ఒక శ్రీపతి ఉన్నాడు. నగరమంతా గాలించినా దోమ దొరకలేదని బృందం నివేదిక ఇచ్చింది. అవసరం లేదు గనక గ్రాంటు వెనక్కి వెళ్లింది. పేపర్లు 'నగరంలో దోమల కరువు' అని రాశాయి. కిషన్ రావు గారు రెండు రోజులు గడ్డం గీసుకోలేదు.

గోవర్ధన్ ఇంటికి దొంగలా వచ్చాడు. మిషన్ పోయిందని ఎలా చెప్పాలో తెలియలేదు. సంయుక్త మాత్రం వేరే సంగతి ఎత్తుకుంది.

"ఈ వారం లైను గేటు లోపట్నే ఉంది. గంత సాఫ్ చేసినందుకు ఎంత ఖర్చయింది?"

"ఏం గాలే. జీతాలిస్తనే ఉన్నరు, పౌడర్ గోదాముల పడే ఉండె. మేడమ్ వస్తున్నరంటే చేసిండ్రు."

"అయితే వచ్చే సోమవారం గూడ వస్తున్నరని చెప్పు."

"అబద్ధం చెప్పమంటవా?" అన్నాడు సింహం బిరుదు కనిపెట్టిన గోవర్ధన్. సంయుక్త అతని ఫోన్ తీసి చేతిలో పెట్టింది. అతను శ్రీపతికి చేశాడు.

ఆ సోమవారం మేడమ్ రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు. ప్రతి ఆదివారం గోవర్ధన్ ఫోన్ చేస్తాడు, ప్రతి సోమవారం తెల్లారేసరికి వార్డు మెరుస్తుంది. అసలు రహస్యం తెలియని కిషన్ రావు గారు వారం వారం అశోక్‌నగర్ చౌరస్తాలో దండ, శాలువా పట్టుకుని మధ్యాహ్నం దాకా నిలబడి వెళుతున్నారు. మేడమ్ రాలేదని ఆయనకు దిగులు లేదు. ఇన్నిసార్లు రాకుండా ఉండగలిగారంటే ఎంత పెద్ద హోదాకు ఎదిగి ఉంటారోనని గౌరవం పెరిగింది. ఎటొచ్చీ దండల ఖర్చు బరువైంది. ప్రముఖుల రాకపోకలు ఎక్కువైనందున స్వాగత నిధి మంజూరు చేయాలని ఆయన కార్పొరేషన్‌కు రాశారు.

ఆ నిధికి తనిఖీ బృందం రాలేదు. ప్రముఖులు ఎవరని అడగలేదు. దరఖాస్తు సిరా ఆరకముందే డబ్బు వచ్చిపడింది. ఒక్కటే షరతు. ముఖ్య అతిథిని సన్మానిస్తున్న ఫొటో పంపాలి.

"గెస్టే వస్తలేడు గదన్నా, ఫొటో ఎట్ల?" అన్నాడు గోవర్ధన్.

"పైసల్ నేను తెచ్చిన. గెస్టును నువ్వు తీస్కరా. ఎంత ఖర్చయినా పర్వాలే, నా పక్కన ఒక పెద్దమనిషి గూసోవాలె."

గోవర్ధన్ ఇంటికెళ్లి సంయుక్తకు చెప్పాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించింది, తర్వాత పెద్దగా నవ్వింది, ఆ తర్వాత లేచి వెళ్లి చాయ్ పెట్టింది.

ఆ పై సోమవారం సన్మాన సభ బస్తీ దవాఖానా ముందే జరిగింది. డప్పులు మోగాయి. ముఖ్య అతిథి పొద్దున్నే, స్వాగత నిధి పేర బిల్లుతో సహా, కంపెనీ బండిలో, థర్మాకోల్ మధ్య భద్రంగా విచ్చేశారు. ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ఏమీ కనబడకుండా దండలు వేశారు. కిషన్ రావు గారు స్వయంగా శాలువా కప్పారు. ఎదురుగా ఉన్నది ప్లేట్‌లెట్ల మిషన్ అని ఆయనకు తెలియక కాదు. శాలువా చేతిలో ఉన్నప్పుడు ఎదుట ఎవరున్నారని చూసే అలవాటు ఆయనకు లేదు. ఫొటో కోసం చెవి దగ్గరికి వంగినప్పుడు పాత అలవాటుకొద్దీ, "సార్, ఈసారి టికెట్ ముచ్చట జర యాదిల వెట్టుకోండ్రి" అన్నారు. దవాఖానా లోపల సంయుక్త మిషన్ వైరు పెట్టి స్విచ్చేసి చూస్తోంది. ముఖ్య అతిథి 'బీప్' అన్నారు. కిషన్ రావు గారు కళ్లు తుడుచుకున్నారు.

ఫొటో చూసి కార్పొరేషన్ సంతృప్తి చెందింది. మర్నాడు పేపర్లో కూడా పడింది. ఆ మధ్యాహ్నమే గోవర్ధన్‌కు కవాడిగూడ కార్పొరేటర్ మనిషి ఫోన్ చేశాడు.

"అన్నా, ఫొటో చూసినం. దండల్ల సార్ ఫేస్ కనవడలే గాని, పెద్ద సారే అయి ఉంటడు. మా వార్డుకు గూడ ఒకసారి జర పంపుతవా?"

గోవర్ధన్ దవాఖానా గుమ్మంలోంచి లోపలికి చూశాడు. సంయుక్త ఎవరో ఆడపిల్ల వేలికి దూది అద్ది నొక్కిపడుతోంది. మిషన్ గుర్రుగుర్రుమంటోంది.

"ఇప్పట్ల రాడన్నా. పని చేస్తున్నడు."



"పని చేస్తడా? అయితే వద్దులే అన్నా" అని ఫోన్ పెట్టేశాడు.