లోతు బాగా వినిపిస్తోంది

ప్రజల గోడు చెవిన పెట్టడం లేదన్న అపవాదు పోగొట్టుకోవడానికి మా ఊరి ఫిర్యాదుల కార్యాలయం వారు చెవిన పెట్టుకునే చిన్న హెడ్‌ఫోన్లు కొనాలని తీర్మానించారు. పెద్దవి వద్దనుకున్నారు. అవి చెవిని మొత్తం కప్పేస్తాయి, పక్కవాళ్లు టీకి పిలిస్తే వినపడదు. చిన్నవైతే చెవి మీద ఊరికే కూర్చుంటాయి. గోడూ వినపడుతుంది, టీ పిలుపూ వినపడుతుంది. ఇంత ముందుచూపున్న కార్యాలయం మాకు దొరకడం మా అదృష్టం.

సరిగ్గా ఆ పరీక్ష జరిగే రోజే నేను అక్కడికి వెళ్లడం నా అదృష్టం. మా గుమ్మం ముందు ఒక గుంత ఉంది. ఈ కార్యాలయం వారే ఏదో బోర్డు పాతడానికని తవ్వించి, బోర్డు మాట మరిచిపోయారు. ఇన్నాళ్లూ పక్కనుంచి ఒద్దికగా తిరిగాం. కానీ మా ఆయనకు ఒక కన్ను ఎప్పుడో పోయింది, ఉన్న ఆ ఒక్కదానికీ ఇప్పుడు ఆపరేషన్ అయింది. శుక్రవారం కంటికి కట్టుతో ఇంటికి వస్తారు. ఆ లోపు గుంత మూసేయమని అడగాలి. ఫోనులో చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పాను. హెడ్‌ఫోన్లు పాడయ్యాయి, మీరేమంటున్నారో వినపడటం లేదు, కొత్తవి వచ్చాక చేయండి అన్నారు.

గదిలో పొడుగాటి బల్ల. దాని మీద నల్లవి, తెల్లవి, ఎర్రవి హెడ్‌ఫోన్లు. వెనక ఆఫీసరు, ఆయన పక్కన న్యాయనిర్ణేతగా పిలిపించిన సంగీతం మాస్టారు, చివర ఫోనులెత్తే అమ్మాయి. ఏ శబ్దంతో పరీక్షించాలని తర్జనభర్జన పడుతున్నారు. ఇక్కడికి ఫోన్ చేసేవాళ్లెవరూ పాటలు పాడరు కదా సార్, అంటోంది ఆ అమ్మాయి. అప్పుడు నేను తలుపులోంచి తల దూర్చాను.

"రండి బామ్మగారూ, సమయానికి వచ్చారు! ఈ మైకులో మీ కష్టం చెప్పండి," అన్నాడు ఆఫీసరు.

నా కళ్లు చెమర్చాయి. నా కష్టం చెప్పమని అప్పటిదాకా ఎవరూ అడగలేదు, అందులోనూ మైకు పెట్టి.

"మా గుమ్మం ముందు గుంత ఉంది నాయనా."

మాస్టారు కళ్లు మూసుకున్నారు. "ఆహా! మళ్లీ అనండమ్మా."

అన్నాను.

"గుమ్మం, గుంత! ఆ గుమ్మనడం విన్నారా? ఇంత చిన్న హెడ్‌ఫోన్లలో మంద్ర స్వరం ఇలా పలకడం నేనెరగను. లోతుంది సార్, లోతు!"

"ఉంది బాబూ, మోకాలు దాటి ఉంది," అన్నాను.

"ఎంత వినయం!" అని ఆఫీసరు మెచ్చుకున్నాడు.

నల్లవాటిలో గుంత ఇరుకుగా ఉందన్నారు. తెల్లవాటిలో పల్చబడిందన్నారు. ఎర్రవాటిలో మాత్రం గుంత విశాలంగా, అంచులతో సహా స్పష్టంగా తెలుస్తోందన్నారు. మా గుంతను అంత శ్రద్ధగా పరిశీలించినవాళ్లను నేను చూడలేదు. తవ్వినవాళ్లయినా అంతగా చూసి ఉండరు.

ఇంతలో ఆ అమ్మాయి చెవి తడుముకుంది. "ఎర్రవి చెవులు నొక్కేస్తున్నాయి సార్."

"వదులు చేయించండి," అన్నాడు ఆఫీసరు. "ప్రజల కష్టం మన చెవికి నొప్పి కలిగించకూడదు."

ఇక మిగిలింది ఒక్క లోపమే. నేను 'శుక్రవారం' అన్నప్పుడల్లా చెవిలో సూదిలా గుచ్చుకుంటోందట. 'ఆపరేషన్' అన్నా అంతే. 'మూసేయండి' అయితే మరీ దారుణమట.

"మరి ఎలాగండీ?" అని ఆఫీసరు బెంగపడ్డాడు.

"ఏముంది, ఆ మాటలు తీసేస్తే సరి," అన్నారు మాస్టారు.

రికార్డు చేసినదాంట్లోంచి ఆ మాటలు తీసేశారు. నా ఫిర్యాదు ఒంట్లో నలతంతా పోయినట్టు హాయిగా తయారైంది. గుమ్మం ముందు గుంత ఉంది, అంతే. ఆఫీసరు నాకొక ఫొటో తీయించి, లేచి నిలబడి ప్రసంగించాడు. "ఇన్నేళ్లుగా ఈ ఊరి గోడు మనకు వినిపించలేదంటే ఆ తప్పు మనది కాదు, పరికరానిది! ఇకమీదట ప్రతి ఫిర్యాదూ ఇంత కమ్మగా వినిపిస్తుందని సగర్వంగా ప్రకటిస్తున్నాను!" అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పెద్దవాళ్లు మాట్లాడినప్పుడు కొట్టకపోతే బాగుండదు.

గురువారం పొద్దున్నే పనివాళ్లు పెద్ద బోర్డు మోసుకొచ్చారు. పారలు కూడా ఉండటం చూసి, నా మాట ఫలించిందని మంచినీళ్లిచ్చాను. బోర్డు మీద ఎర్ర హెడ్‌ఫోన్ల బొమ్మ, పక్కన నా ఫొటో, కింద 'మీ మాట మా చెవిన పడింది' అని అక్షరాలు.

"ఆ గుంతలోనే పాతండి నాయనా, పీడా పోతుంది," అన్నాను.

"అమ్మో! పరీక్ష నెగ్గిన గుంత అది. ముట్టుకోవద్దని ఆర్డరుంది మామ్మా," అని వాళ్లు దాని పక్కనే వేరే గుంత తవ్వి బోర్డు పాతారు. బోర్డుకొక పెట్టె తగిలించారు. ఎవరు దగ్గరికొచ్చినా అది నా గొంతుతో "మా గుమ్మం ముందు గుంత ఉంది" అంటుంది.

శుక్రవారం మా ఆయన ఆటో దిగారు. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు. "నా ఇంటికి నేను రాలేనా? నువ్వు ముందెళ్లి పిలుస్తూ ఉండు, నీ గొంతు పట్టుకుని వచ్చేస్తా." ఆయన పంతం నాకు తెలుసు. గుంత తప్పించి గుమ్మం వారగా నిలబడి, "ఏవండీ, ఇటు! ఇటు రండి!" అని పిలిచాను.

"మా గుమ్మం ముందు గుంత ఉంది," అంది బోర్డు.

ఆయన ఆగిపోయారు. "ఇద్దరున్నారేమే?"

"అది బోర్డండీ! నేను ఇక్కడ! ఇటు రండీ!"

"బోర్డు మాట్లాడుతుందా? నాకు కన్ను లేదు గానీ చెవి లేదా? పెళ్లయిన కొత్తలో నీ గొంతు అచ్చం అదే. ఈ అరిచేది ఎవరో నాకు తెలీదు," అంటూ అటే అడుగులేశారు. నేను పరుగెత్తేలోపు అయిపోయింది.

ఆయన తప్పేం లేదు. "గుంత ఉందని అంత తెలిసిన మనిషి పోయి దాని పక్కనే నిలబడుతుందని ఎవరనుకుంటారే?" అని ఇప్పటికీ అడుగుతారు. కంటి కట్టుకు తోడు కాలికీ కట్టు పడింది. దారిన పోయేవాళ్లు ఆగి, ఆయన్ని పైకి లాగి, బోర్డు ఇంకోసారి విని, చాలా సహజంగా ఉందని వెళ్లారు.

ఆయన్ని పడుకోబెట్టి ఫోన్ చేశాను. మొదటి గంటకే ఎత్తింది ఆ అమ్మాయి.

"బామ్మగారా! అబ్బ, పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది!"

"మా ఆయన గుంతలో పడ్డారమ్మా. కాలు విరిగింది."

అటు కుర్చీ జరిగిన చప్పుడైంది. పోనీ, ఇప్పటికైనా తగిలింది అనుకున్నాను.

"సార్, సార్!" అని అరిచింది అటువైపు. "ఓసారి ఇవి పెట్టుకోండి! గొంతులో వణుకు కూడా తెలిసిపోతోంది!"

మీరూ చివరిదాకా విన్నారు. భలే చెప్పావు బామ్మా అంటారు. ఒకటి రెండు చోట్ల నవ్వే ఉంటారు. సంతోషం. మీ చెవులు మంచివే. గుంత మాత్రం అక్కడే ఉంది.