ఇంటి కాగితాల విడుదల

ఆ శనివారం పొద్దున లిఫ్టు మెకానిక్కు వేసుకున్న పథకంలో నాలుగే పనులున్నాయి. ఎనిమిదింటికి ఇనప బీరువాను కొన్నవాడికి అప్పజెప్పడం, తొమ్మిదింటికి ఆసుపత్రి గేటు దగ్గర భార్యను కలవడం, పదింటికి బ్యాంకులో ఇంటి అప్పు మొత్తం కట్టెయ్యడం, మధ్యాహ్నానికి ఇంటి కాగితాలు సంకలో పెట్టుకుని తిరిగి రావడం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ ఎవరి చెవినా పడకూడదు. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

ఇరవై ఏళ్ళ అప్పును మొగుడూ పెళ్ళాలు నోరూ కడుపూ కట్టుకుని ఆరేళ్ళకు దించారు. మిద్దె మీద పాత రంగు డబ్బాల్లో టమాటాలు, చిక్కుళ్ళు, గోడ పొడుగునా గుమ్మడి తీగ. ఆ తీగకు కాయడం తప్ప మరో ధ్యాస లేదు. దాంతో వాళ్ళకు తినడం తప్ప మరో దారి లేకపోయింది. సబ్బు ఇంట్లోనే వండేవారు. ఆ సబ్బుకు మురికి ఎంత వదిలేదో రంగూ అంతే వదిలేది. మంగలికి జుట్టు కత్తిరించినందుకు చిక్కుళ్ళు ముట్టేవి. ఫ్రిజ్ పోయింది, మోటారు సైకిలు పోయి సైకిలు వచ్చింది, ఇంట్లో వెలిగే దీపం ఒక్కటే, మనుషులే దాని దగ్గరికి వెళ్ళాలి.

అన్నిటికన్నా పెద్ద పొదుపు భార్యది. ఆమె నర్సు. భత్యం ఎక్కువని ఆరేళ్ళుగా రాత్రి డ్యూటీయే చేస్తోంది. అతను లేచేసరికి ఆమె వచ్చి పడుకునేది, ఆమె లేచేసరికి అతను అలిసిపోయి వచ్చేవాడు. ఒకటే దుప్పటి, రెండు షిఫ్టులు. కాగితాలు చేతికొచ్చిన రోజే పగటి డ్యూటీకి అర్జీ పెట్టుకోవాలని వాళ్ళ ఒప్పందం. ఆసుపత్రిలో ఖాళీ ఒక్కటే ఉంది, అర్జీకి ఆ సాయంత్రమే గడువు. బ్యాంకు పంపిన లెక్క కూడా ఆ మధ్యాహ్నం దాకానే చెల్లుతుంది.

కూడబెడుతున్న సంగతి తెలిస్తే ఊరంతా చేతులు చాస్తుందని మెకానిక్కు భయం. అందుకని ఎవరు కుశలమడిగినా, "ఏం చెప్పమంటారు, ఇల్లు గడవడమే కనాకష్టంగా ఉంది" అనేవాడు. మొదట్లో కాస్త తడబడేవాడు గాని, ఆరేళ్ళ సాధనతో ఆ మాట చెబుతూ కళ్ళు కూడా చెమర్చగలిగే స్థాయికి చేరాడు.

ఎదురింట్లో రిటైరైన హెడ్మాస్టరు ఉన్నారు. లెక్క పంపిన బ్యాంకు ఉత్తరాన్ని ముందురోజు పోస్టుమాన్ పొరపాటున ఆయన డబ్బాలో వేశాడు. ఆయన నిజాయితీపరుడు, కవరు చించలేదు. మెకానిక్కుకు అందించేముందు ఎండకు పట్టి చూశారు, అంతే. లోపల 'ఆఖరి గడువు' అన్న రెండు మాటలు మాత్రం కనిపించాయి. మర్నాడు పొద్దున ఎదురింటి బీరువా బండెక్కడం చూడగానే ఆయన చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటి వచ్చారు.

"ఏం నాయనా, బీరువా ఎక్కడికి?"

"ఇల్లు ఇరుగ్గా ఉందని, మాస్టారూ," మెకానిక్కు నీళ్ళు నమిలాడు.

ఆయన వాకిట్లోంచి లోపలికి చూశారు. రెండు కుర్చీలు, ఒక గుమ్మడికాయ ఉన్నాయి.

"ఇప్పుడెక్కడికి, బ్యాంకుకేనా?"

"చిన్న పని, మాస్టారూ. ఎవరికీ చెప్పకండి."

ఇల్లు జప్తవుతోందని హెడ్మాస్టరు ఖాయం చేసుకున్నారు. చెప్పొద్దన్నాడు కాబట్టి ముగ్గురికే చెప్పారు. మెకానిక్కు అక్కకు ఫోన్ చేశారు, లిఫ్టు కంపెనీ సూపర్‌వైజరుకు ఫోన్ చేశారు, మూడోది వీధి చివర కిరాణా కొట్టు. ఆ కొట్లో చెబితే ఇంకెవరికీ చెప్పనక్కర్లేదు.

మెకానిక్కు సైకిలు మీద ఆసుపత్రికి వెళ్ళి, ఆలస్యంగా డ్యూటీ దిగిన భార్యను వెనక కూర్చోబెట్టుకుని బ్యాంకు వీధి మలుపు తిరిగేసరికి పదిన్నరయింది. బ్యాంకు ముందు యాభై మంది ఉన్నారు. షట్టరు దించేసి ఉంది. కిరాణా కొట్టతను సబ్బుల అట్టపెట్టె చించి, దాని మీద 'ఇల్లు లాక్కోకండి' అని రాసి పట్టుకున్నాడు. లిఫ్టు కంపెనీ మనుషులంతా యూనిఫాంలో వరసగా నిలబడితే, సూపర్‌వైజరు పసుప్పచ్చ హెల్మెట్ తిరగేసి చందాలు పోగుచేస్తున్నాడు.

"ఎవరిదో పాపం కొంప మునిగినట్టుంది," అంది భార్య నిద్రమత్తులో.

"మనదే," అన్నాడు మెకానిక్కు.

షట్టరు వెనకనుంచి అక్కయ్య గొంతు ఖంగున మోగింది. "తమ్ముడొచ్చాడా? ఒరేయ్, భయపడకు! వీళ్ళు తలుపు వెయ్యకముందే లోపలికొచ్చేశాను. నా బంగారు గాజులు తాకట్టు పెట్టేశాను. డబ్బు చేతికొచ్చింది!"

ఆ గాజులంటే అక్కయ్యకు ప్రాణం.

లోపల్నుంచే మేనేజరు కేకేశాడు. "జనం కదిలితేగాని తెరిచేది లేదు! పన్నెండుకి కౌంటరు కట్టేస్తాం!"

"మేం కదలం!" అన్నారు యాభై మంది.

మెకానిక్కు సూపర్‌వైజరును పక్కకు లాగి, "అందర్నీ పంపించెయ్యండి సార్, మీకు దణ్ణం పెడతాను," అన్నాడు.

"చూశారా, ఎంత అభిమానమో!" అని సూపర్‌వైజరు జనం వైపు తిరిగాడు. "మన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక పొమ్మంటున్నాడు. పోదామా?"

"పోం!"

హెల్మెట్ మెకానిక్కు చేతికొచ్చింది. నలిగిన నోట్లు, చిల్లర. అందరికన్నా ఆఖర్న కంపెనీ వెల్డరు వచ్చి ఓ మడతపెట్టిన నోటు వేశాడు. కిందటి నెల పిల్లవాడి ఫీజుకని ఈ వెల్డరే చేబదులు అడిగితే, మెకానిక్కు కళ్ళు చెమర్చి మరీ లేదన్నాడు. ఆ నోటును చూస్తూ అతను అలాగే నిలబడిపోయాడు. ఆరేళ్ళు ఎవరొచ్చి అడుగుతారోనని బతికాడు. వీళ్ళేమో ఇవ్వడానికి వచ్చారు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

భార్య అతని మొహం చూసింది. తర్వాత గడియారం చూసింది. పదకొండున్నర.

"చెప్పెయ్యండి," అంది మెల్లగా.

అతను మెట్టెక్కాడు. "నా ఇల్లెవరూ లాక్కోవడం లేదు. నా దగ్గర డబ్బుంది. అప్పంతా కట్టేద్దామని వచ్చాను. ఇరవై ఏళ్ళది, ఆరేళ్ళకే."

కొట్టతను తన అట్టను ఒకసారి చదువుకుని, మెల్లగా వెనక్కి తిప్పాడు.

"డబ్బుందా?" అన్నాడు సూపర్‌వైజరు. "మరి టీకి డబ్బుల్లేవని రోజూ నా టీలో సగం తాగావేమిటయ్యా?"

"అలా తాగబట్టే ఉంది సార్."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వీధంతా పాకింది. దాంతోపాటు తిట్లు కూడా పాకాయి. జనం పక్కకు తప్పుకున్నారు. గార్డు షట్టరు ఎత్తబోయాడు. అది రాలేదు. భయంతో ధడాలున దించడంతో ఒక పక్క పట్టాలోంచి జారి ఇరుక్కుపోయింది.

మెకానిక్కు తన ఒక్కగానొక్క మంచి చొక్కాతో నేల మీద బోర్లా పడుకున్నాడు. జేబులో ఎప్పుడూ ఉండే స్క్రూడ్రైవరు తీశాడు. "నువ్వు ఆ పక్క ఎత్తు," అని వెల్డరు కూడా వచ్చి పడుకున్నాడు. ఇద్దరూ మోచేతులు చెక్కుకుపోయేలా తంటాలు పడితే, పన్నెండుకి పది నిమిషాలుండగా షట్టరు లేచింది. తాను అప్పు కట్టాల్సిన బ్యాంకును తానే తెరుచుకుని లోపలికెళ్ళిన మనిషి బహుశా అతనొక్కడే.

డబ్బు కట్టాడు. చేతిలో ఏమీ మిగల్లేదు. మేనేజరు ఇంటి కాగితాలిచ్చి చెయ్యి కలిపేసరికి గోడ గడియారంలో సరిగ్గా పన్నెండు. భార్య కాగితాల వంక చూడనైనా లేదు. దారంతో కట్టిన బ్యాంకు పెన్ను అందుకుని, బ్యాంకు వాళ్ళ ఖాళీ స్లిప్పు వెనకే పగటి డ్యూటీకి అర్జీ రాసింది. రాసి, దాన్ని గుండెకు ఆనించుకుని బల్ల మీద కూర్చుంది. ఆరేళ్ళలో పట్టపగలు భార్య ఇలా నవ్వుతూ కూర్చోవడం మెకానిక్కు చూడలేదు.

అక్కయ్య మాత్రం వదల్లేదు. "నాక్కూడా చెప్పలేదేంరా?"

"అడుగుతావేమోనని, అక్కా."

"అడిగితే లేదనేవాడివి. ఆ మాట నీకు బాగానే వచ్చుగా." కళ్ళు తుడుచుకుని, గాజులు లాగి తీసినందుకు వాచిపోయిన బోసి చేతులు చూసుకుంది. "ముందు నా గాజులు నాకిప్పించు."

తాకట్టు కౌంటరు మూయబోతున్న గుమాస్తా ఆగి, డబ్బు తిరిగి లెక్కపెట్టుకున్నాడు. "అంతా సరిపోయింది. ఇక ప్రాసెసింగ్ ఫీజు, కనీసం వారం రోజుల వడ్డీ కట్టాలి."

"రెండు గంటలకు వారం వడ్డీ ఏమిటండీ?"

"రూలు సార్."

మెకానిక్కు జేబులు తడుముకున్నాడు. స్క్రూడ్రైవరు తగిలింది. తలెత్తి చుట్టూ చూశాడు. ద్వారం దగ్గర హెల్మెట్‌లోంచి ఎవరి నోటు వాళ్ళకు తిరిగిచ్చేస్తున్నారు. వెల్డరు తన మడత నోటు జేబులో పెట్టుకోబోతున్నాడు. మెకానిక్కు నెమ్మదిగా అతని దగ్గరికి నడిచి, "ఒకటో తారీకు ఇచ్చేస్తాను," అన్నాడు.

వెల్డరు అతని కళ్ళలోకి కాసేపు పరీక్షగా చూసి, అవి చెమర్చలేదని తేల్చుకున్నాకే నోటు చేతిలో పెట్టాడు.

గోడ గడియారం పన్నెండు దాటి పదకొండు నిమిషాలు చూపిస్తోంది. అప్పులేని మనిషిగా మెకానిక్కు బతికింది అంతసేపే.