కుడి బుగ్గంటే ఎవరి కుడి?

పసిపిల్లలకు అన్నం అలవాటు చేయడానికి కావలసింది బియ్యం కాదు, పప్పు కాదు, నెయ్యి అసలే కాదు. సలహాలు! ఇంటినిండా సలహాలుంటే పిల్లలు వాటితోనే పెరిగిపోతారు. తల్లే పిచ్చిది, గిన్నె పట్టుకుని కంగారు పడుతుంది. అనుమానం ఉన్నవాళ్లు చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో, రెండో అంతస్తులో ఉండే కీర్తన సంగతి వినండి.

కీర్తన నారాయణగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఆమెకు కవల ఆడపిల్లలు. ఇద్దరూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటారు. ఆమె మామగారు బాలకిషన్ నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. పేర్లు పెట్టే పని తనదేనని పట్టుబట్టి ఒక మనవరాలికి నర్మద అని, రెండోదానికి మంజీర అని నదుల పేర్లు పెట్టాడు. పేరుకు తగ్గట్టే నర్మద నిండుగా పారేది, అంటే ఏం పెట్టినా తినేది. మంజీర మాత్రం మన ఊరి నల్లాలో వచ్చే మంజీర నీళ్లలాంటిది. ఎప్పుడు నోరు తెరుస్తుందో ఎవరికీ తెలియదు.

అన్నప్రాశన దగ్గరే సలహాల మహిమ బయటపడింది. ఆడపిల్లలకు బేసి నెలలో చేయాలి కాబట్టి ఐదో నెలలోనే ముగించేద్దామని అత్తగారు మనోరమ అంది. ఆరు నెలలు నిండేదాకా పాలు తప్ప ఏమీ వద్దని డాక్టరమ్మ అంది. ఈ వాదన తేలేలోపు ఐదో నెల దాటింది, ఆరు నిండాయి, ఏడో నెల వచ్చేసింది. డాక్టరమ్మ మాటా నెగ్గింది, బేసి నెలా దొరికింది. ఎవరూ నోరు విప్పని ఇంట్లో ఇంత చక్కటి ముహూర్తం కుదురుతుందా?

ఆ తర్వాత ఇంట్లో మూడు మతాలు పుట్టాయి. మనోరమది ఉగ్గు మతం. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, పొడి కొట్టి, వేడి నీళ్లలో ఉడికించి, పైన నెయ్యి చుక్క వేయాలి. బాలకిషన్‌ది రాగి జావ మతం. కీర్తన భర్త ఫణికిరణ్‌ది ఫోన్ మతం. అతను ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. చెంచా అనేదే పిల్లల స్వేచ్ఛకు అడ్డమని, ఉడికించిన క్యారెట్ ముక్క చేతికిస్తే వాళ్లే తినేస్తారని వీడియోలు చూసి తేల్చాడు. ఆ ముక్కలు సోఫా కిందికి, టీవీ వెనక్కి, ఒకసారి అతని లాప్‌టాప్ మీదికి వెళ్లాయి. పిల్లల కడుపులోకి మాత్రం వెళ్లలేదు.

ఇక అశోక్ నగర్ నుంచి ఆడపడుచు స్వర్ణ. కోచింగ్ సెంటర్ల మధ్య కాపురం కాబట్టి ఆమె ఏ సంగతైనా మోడల్ పేపర్ లాగే అడుగుతుంది. రోజూ వీడియో కాల్‌లో వచ్చి, ఎన్ని చెంచాలు, ఎంత చిక్కన, మధ్యలో నీళ్లు తాగించావా, ఎందుకు తాగించావు అని వరసగా ప్రశ్నలు వేసేది. కీర్తన రోజూ ఫెయిలయ్యేది.

పిల్లలకు పెట్టే సమయంలో ఆ హాలు చూడవలసిందే. కీర్తన కింద చాప మీద కూర్చుని ఒకదాన్ని ఒడిలో, ఒకదాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని, ఒకదానికి పెడుతుంటే రెండోది గిన్నెలో చెయ్యి పెట్టేది. ఆ చెయ్యి కడుగుతుంటే మొదటిది ఉమ్మేసేది.

"పల్చగైంది కీర్తన. జర గట్టిగ కలపాలె," అనేది మనోరమ వంటింటి గుమ్మంలోంచి.

"గట్టిగైతే గొంతుకు పడ్తది. పల్చగనే ఉండనియ్యి," అనేవాడు బాలకిషన్ కుర్చీలోంచి.

"అసలు చెంచానే వద్దంటున్న నేను," అనేవాడు ఫణికిరణ్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

"జర ఒకదాన్ని ఎవరన్న పట్టుకుంటరా?" అని కీర్తన అడిగేది.

అంతే. మనోరమకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి. ఫణికిరణ్‌కు మీటింగ్ వచ్చేది. బాలకిషన్ పేపర్లో ఏదో ప్రాజెక్టు గేట్లు ఎత్తిన వార్త మరోసారి చదవడం మొదలుపెట్టేవాడు. ఇంత ఘనమైన సలహాలు చెప్పి అలసిన మనుషులు చేతులు కూడా కదిలించాలంటే ఎట్లా? మీరే చెప్పండి.

అందులోనూ మంజీర బరువు పెరగడం లేదు. చెక్ చేసినప్పుడల్లా డాక్టరమ్మ నర్మదను చూసి నవ్వేది, మంజీరను చూసి పెదవి విరిచేది. ఆ పెదవి విరుపు కీర్తనకు నిద్రలో కూడా కనిపించేది. నర్మద లావైతే ముగ్గురూ అది తమ పద్ధతి గొప్పదనమన్నారు. మంజీర బక్కగా ఉంటే మాత్రం కీర్తనకు ఓపిక తక్కువన్నారు.

ఇంతలో కాన్పు సెలవు అయిపోయింది. కాలేజీకి వెళ్లక తప్పని రోజు వచ్చింది. పొద్దున్నే కీర్తన చీర కట్టుకుని, పాల సీసాలు కడిగి పెట్టి, గుమ్మంలో నిలబడి రెండు మూడు సార్లు చెప్పులు వేసుకుని విప్పింది.

"నువ్వు నిశ్చింతగ పో. నర్మద నాకు, మంజీర మీ మామయ్యకు. పంచుకున్నం," అంది మనోరమ. తర్వాత భర్త వైపు తిరిగింది. "కలగాపులగం చెయ్యకుండ్రి. నర్మదకు కుడి బుగ్గ మీద కాటుక చుక్క పెట్టిన. మంజీరకు ఎడమ బుగ్గ మీద."

"నాకు తెల్వదా? నలభై ఏండ్లు కాల్వలు చూసిన మనిషిని," అన్నాడు బాలకిషన్.

కీర్తనకు చుక్కలతో పనిలేదు. నర్మద చెవి కొస కొంచెం మడత పడి ఉంటుంది, మంజీరది ఉండదు. ఆ సంగతి మిగతావాళ్లకు కూడా చాలాసార్లు చెప్పింది. కానీ వాళ్లు చెప్పేవాళ్లే గానీ వినేవాళ్లు కారు.

మొదటి క్లాసు బాగానే గడిచింది. రెండో క్లాసు ముగించి స్టాఫ్‌రూమ్‌కు వచ్చేసరికి ఫ్యామిలీ గ్రూప్‌లో పండగ జరుగుతోంది. మామగారు ఒక ఫొటో పెట్టాడు. ఖాళీ గిన్నె, నోటినిండా జావ పూసుకున్న పిల్ల. కింద రాశాడు: "మంజీర గిన్నె మొత్తం ఖాళీ చేసింది. రాగి జావ. నా పర్యవేక్షణలో." స్వర్ణ చప్పట్లు కొట్టింది. ఫణికిరణ్ గుండె బొమ్మ పెట్టాడు. కీర్తన కళ్లలో నీళ్లు తిరిగాయి. తన చేతిలో తినని పిల్ల మామగారి చేతిలో తిన్నదంటే నిజంగా ఓపిక తనకే తక్కువేమో అనుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. మనోరమ. వెనక నుంచి పిల్ల ఏడుపు.

"కీర్తన, నర్మద ఒక్కతీరుగ ఏడుస్తుంది. పొద్దున నేను పెడితే ఉగ్గు మంచిగనే తిన్నది. నేను కూరగాయలకు పోయొచ్చేటాల్లకు పడుకుని లేచిందంట, అప్పటి సంది ఇదే ఏడుపు. కడుపునొప్పి అంటున్నరు మీ మామయ్య, భుజం మీదికెళ్లి దించుతలేరు. నాకైతే దిష్టి అనిపిస్తుంది."

"పాలు పట్టిండ్రా అత్తమ్మా?"

"కడుపునిండ తిన్నదాయె. మీదికెళ్లి పాలు పడితే కక్కదా? మంజీర సుత ఇందాక జర కక్కిందంట. ఉండు, స్వర్ణ ఫోన్ చేస్తుంది," అని పెట్టేసింది.

కీర్తనకు ఏదో తేడా కొట్టింది. తినే నర్మద ఏడవడమేంటి, తినని మంజీర ఎక్కువై కక్కడమేంటి? ఫొటో మళ్లీ తెరిచి వేళ్లతో పెద్దది చేసింది. జావ పూసుకున్న ఆ పిల్ల చెవి కొస మడత పడి ఉంది.

అది మంజీర కాదు, నర్మద.

ఇంటికి ఫోన్ చేసింది. మనోరమ ఫోన్ బిజీ. మామగారిది బిజీ. భర్తదీ బిజీయే. ఇంటిల్లిపాదీ సలహాలు ఇచ్చి పుచ్చుకుంటుంటే లైను ఎలా దొరుకుతుంది? కీర్తన పర్మిషన్ అడిగి, జవాబు వినకుండానే బయటికొచ్చి ఆటో ఎక్కింది. ఫ్లైఓవర్ కింద ఆటో ఆగిపోయింది. ముందు బస్సు, వెనక బస్సు.

"అన్నా, జర తొందరగ పోనియ్యి. పిల్ల ఆకలికి ఏడుస్తుంది," అంది.

"ఎన్ని నెలల పిల్ల అక్కా?" అన్నాడు ఆటో డ్రైవర్ అద్దంలో చూస్తూ. "ఏడు నెలలా? అరటిపండు పెట్టుండ్రి. మా బిడ్డకు అదే పెట్టినం."

కీర్తన మిగిలిన దారి నడిచే వెళ్దామా అని ఒక్క క్షణం ఆలోచించింది. ఇంతలో గ్రీన్ సిగ్నల్ పడింది.

ఇంట్లో హాలు నిండుగా ఉంది. పక్కింటి రామక్క ఉప్పు, మిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని దిష్టి తీస్తోంది. స్వర్ణ ఫోన్‌లోంచి చెవి నొప్పేమో చూడమంటోంది. ఫణికిరణ్ హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని పళ్లు వచ్చే ముందు లక్షణాలు పైకి చదువుతున్నాడు. బాలకిషన్ ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని వీపు తడుతున్నాడు. అతని ముఖం చూస్తే అతనే ఏడ్చేలా ఉన్నాడు.

కీర్తన చెప్పులు విడిచింది. చేతులు కడుక్కుని పిల్లను అందుకుంది. చెవి చూసింది. చాప మీద కూర్చుని, పొద్దున మిగిలిన పొడితో అప్పటికప్పుడు కాస్త ఉగ్గు ఉడికించి తెమ్మని భర్తతో అంది. అతను తెచ్చేలోపు పాలు పట్టింది. ఏడుపు తెగింది. తర్వాత ఉగ్గు నోటికందిస్తే, ఏ రోజూ నోరు తెరవని మంజీర చెంచాను రెండు చేతులా పట్టుకుని లాక్కుంది.

"నర్మదకు మళ్ల ఆకలైందా?" అన్నాడు బాలకిషన్ మెల్లగా.

"ఇది మంజీర, మామయ్యా. పొద్దుటి సంది దీనికి ఎవరూ ఏం పెట్టలే. నర్మదకే ఇద్దరూ పెట్టిండ్రు."

"అదెట్లయితది?" మనోరమ గబగబా వచ్చి చుక్క చూసింది. "నర్మదకు కుడి బుగ్గ మీద పెట్టిన గదా?" అని ఊయలలో నిద్రపోతున్న నర్మద ఎదుట నిలబడి, తన కుడి చేతి వైపున్న బుగ్గ చూపించింది.

"అది ఎడమ బుగ్గ," అన్నాడు బాలకిషన్. "ప్రవాహం ఎటు పోతదో అటు మొహం పెట్టి చూడాలె. కుడి గట్టు గట్లనే లెక్కపెడ్తరు. పిల్లకైనా అంతే."

"పిల్ల కాల్వనా? ఎదురుంగ నిలబడి చూసేటోళ్లకు ఏది కుడి అయితే అదే కుడి."

"నెట్‌లో చూస్తా ఉండుండ్రి," అన్నాడు ఫణికిరణ్.

కీర్తన తల ఎత్తింది. గొంతు పెంచలేదు. "నాకు ఇంకో సలహా ఒద్దు. నాకు ఇంకో రెండు చేతులు కావాలె," అంది. "అందరూ చెప్పిండ్రు. పిల్ల ఆకలితోని ఏడుస్తుందని ఒక్కరికీ తోచలే. నాకు భయమైంది అత్తమ్మా."

రామక్క గుప్పిట్లో ఉప్పు పట్టుకునే ఇంటికి వెళ్లిపోయింది. ఫోన్‌లో స్వర్ణ మాయమైంది. మనోరమ కొంగుతో మంజీర మూతి తుడిచి, చాప మీద కోడలి పక్కన కూర్చుంది. ఆమె చాప మీద కూర్చోవడం పిల్లలు పుట్టాక అదే మొదలు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒక కట్టడి వచ్చింది. పిల్లల తిండి గురించి ఎవరైనా ఏమైనా చెప్పవచ్చు. ఎంతసేపైనా చెప్పవచ్చు. కాకపోతే ఒడిలో ఒక పిల్లను, చేతిలో ఒక గిన్నెను పెట్టుకుని చెప్పాలి.

ఎంత అన్యాయం చూశారా! దెబ్బకు మూడు మతాలూ అంతరించాయి. ఆడపడుచు అశోక్ నగర్ నుంచి స్వయంగా వచ్చి ఒక పూట పెట్టి చూసి, మళ్లీ ప్రశ్నపత్రం తీయలేదు. ఫణికిరణ్ మీటింగులు పిల్లల భోజనం వేళ తప్పించి జరుగుతున్నాయి. మంజీర బరువు మొన్న కొంచెం పెరిగింది. డాక్టరమ్మ ఈసారి ఇద్దరినీ చూసి నవ్వింది. అందరూ సలహాలు చెప్పడం మానేసి పని చేస్తుంటే ఒక సంప్రదాయం ఎలా బతుకుతుంది?

పోయిన ఆదివారం కోఠి నుంచి ఫణికిరణ్ మేనమామ నాగేందర్ వచ్చాడు. టీ తాగుతూ, "పిల్లలకు నువ్వులు పెడ్తున్నరా లేదా? ఎముకలకు..." అని మొదలుపెట్టాడు. మనోరమ తమ్ముడి చేతిలోంచి టీ కప్పు తీసుకుని, ఒక మనవరాలిని ఒళ్లో పెట్టి, జావ గిన్నె అందించబోయింది. నాగేందర్‌కు బండి నో పార్కింగ్‌లో పెట్టిన సంగతి గుర్తొచ్చింది.

అతను మెట్లు దిగుతుంటే బాలకిషన్ ఆ పిల్లను తన ఒళ్లోకి తీసుకున్నాడు. బనియను నిండా రాగి జావే. కళ్లద్దాలు సర్దుకుని, కాస్త సిగ్గుపడుతూ కోడలిని అడిగాడు.

"అమ్మా, జర చెప్పు. ఇది ఏ పిల్ల?"

"నోరు తెరిచిన పిల్ల, మామయ్యా. ముందుగాల పెట్టుండ్రి."