సాఠ్ అవుతోంది, రా

బుధవారం పొద్దున్న శేవంతి వేసుకున్న పథకం చాలా చిన్నది. మామిడి గుజ్జు తీసి, చక్కెర వేసి ఉడికించి, కొత్త మిషన్ పళ్ళేల్లో మొదటి పొర పోయాలి. పొర మీద పొర పోస్తూ పోతే శనివారానికి తాండ్ర తయారవుతుంది. తాండ్ర తయారైందని చెబితే ఇందూ అక్క వస్తుంది. నాలుగేళ్లుగా ఆమె రాలేదు.

మా కొంకణ తీరాన వెంగుర్లా వైపు మామిడి తాండ్రని సాఠ్ అంటాం. అరవై అనే అంకెనీ సాఠ్ అనే అంటాం. దీనివల్ల మాకెవరికీ ఎన్నడూ ఇబ్బంది రాలేదు. పుణె వాళ్లు మాత్రం తాండ్రని ఆంబా పోళీ అంటారు, కాగితం చుట్టింది అంగట్లో కొనుక్కుంటారు, అదే తాండ్ర అనుకుని హాయిగా బతికేస్తారు.

ఇందూ అక్క ముంబై పక్కన డోంబివలీలో కొడుకు దగ్గర మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు లేదు, మోకాళ్లు లేవు. చిన్నప్పుడు అమ్మ వాకిట్లో పళ్ళేలు ఎండబెట్టి అక్కచెల్లెళ్లిద్దరికీ చెరో కర్ర ఇచ్చి కాకుల కాపలా పెట్టేది. ఇప్పటికీ ప్రతి మే నెలలో అక్క ఫోన్ చేస్తుంది. "సాఠ్ పెట్టావా?" "పెట్టాను. నువ్వు రా." "నన్ను ఎవరు రానిస్తారే." ఆ తర్వాత ఇద్దరూ ఏమీ మాట్లాడరు, ఫోనూ పెట్టరు. నిరుడు శేవంతి పొట్లం కట్టి పంపితే "బాగుంది" అంది అక్క. ఆ ఒక్క మాట విన్నాక శేవంతికి ఆ రోజు అన్నం సయించలేదు. అక్క లేని సాఠ్ ఎవరికోసం పెట్టాలో ఆమెకి తెలియలేదు.

ఈ ఏడు వానలు ముందే దిగాయి. మూడుసార్లు పళ్ళేలు బయట పెడితే మూడుసార్లూ తడిశాయి. ఆమె మొహం చూడలేక భర్త జయరాం గవాణ్కర్ కొల్హాపూర్ వెళ్లి పండ్లు ఎండబెట్టే మిషన్ కొనుక్కొచ్చాడు. ఆయన బస్ డిపోలో టైమ్ కీపర్. వయసు యాభై ఏడు. జుట్టుకి రంగు వేసి నలభై తొమ్మిది దగ్గర ఆపాడు.

"వేడి ఎంత మీద పెట్టాలి?" అన్నాడు మీట పట్టుకుని.

"పుస్తకంలో సాఠ్ అని ఉంది."

"అంటే సాఠ్‌కి సాఠ్ అన్నమాట," అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. అదే ఆ వారంలో ఆయన ఆఖరి నవ్వు.

శేవంతి చేతులు మోచేతుల దాకా గుజ్జులో ఉన్నాయి. "అక్కకి మెసేజ్ పెట్టండి. వానైనా ఈసారి మిషన్‌లో సాఠ్ తప్పకుండా అవుతోంది, శనివారానికల్లా రమ్మని రాయండి."

జయరాం ముప్పై ఏళ్లుగా బస్సుల బోర్డు రాసిన మనిషి. వృథా మాట ఆయనకి గిట్టదు. "శనివారం సాఠ్ అవుతోంది. రా," అని రాసి పంపేశాడు.

సాయంత్రం అక్క కోడలు ఋజుతా ఫోన్ చేసింది. పుణె పిల్ల, మంచి పిల్లే.

"చిన్నత్తయ్యా, ఇంత పెద్ద విషయం ముందే చెప్పొద్దా?"

"అయితే కదమ్మా చెప్పడానికి. మూడుసార్లు అనుకున్నాం, మూడుసార్లూ చెడిపోయింది."

"అయ్యో. ఇప్పుడెలా ఉంది అక్కడ?"

"పైకి బాగానే ఉంది. లోపలే, ఇంకా తడి."

"ఇలాంటప్పుడు ఎవరికైనా అంతే చిన్నత్తయ్యా," అంది ఋజుతా మెత్తగా. పుణె పిల్లకి సాఠ్ గురించి ఇంత తెలుసా అని శేవంతి ఆశ్చర్యపోయింది. "మీరేం దిగులు పడకండి. అత్తయ్యని తీసుకుని మేమంతా వస్తున్నాం."

అత్తయ్యని తీసుకుని అన్న తర్వాత శేవంతికి ఇంకేమీ వినిపించలేదు. మేమంతా అంటే ఎవరని కూడా అడగలేదు.

గురువారం మధ్యాహ్నం షామియానా వాడు వచ్చి వాకిట్లో గుంజలు పాతడం మొదలుపెట్టాడు. ముంబై నుంచి ఎవరో ఫోన్‌లోనే మాట్లాడి డబ్బు పంపారట. గేటుకి గుడ్డ కట్టాడు. దాని మీద "శ్రీ జయరాం గవాణ్కర్ గారి షష్టిపూర్తి మహోత్సవం" అని ఉంది. పక్కన ఆయన ఫోటో. ఎవరో దయగల వాళ్లు జుట్టు తెల్లగా మార్చారు.

జయరాం దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. "నాకు యాభై ఏడు," అన్నాడు.

"నాకు తెలుసండీ."

"నాకూ తెలుసు. వాళ్లకి తెలియదు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు."

శేవంతి ఫోన్ తీసి మళ్లీ కింద పెట్టేసింది. "చెబితే రారు. తాండ్ర కోసం ఆ మోకాళ్లతో పన్నెండు గంటల ప్రయాణమా అని అక్కని ఆపేస్తారు. మూడేళ్లే కదండీ తేడా. నాకోసం ఒక్కరోజు అరవై అవ్వండి."

"రంగు డబ్బా నిన్ననే కొన్నాను," అన్నాడు ఆయన. శేవంతి కళ్లు తుడుచుకుంటోంది. ఆయన లోపలికి వెళ్లి డబ్బా అటక మీద పెట్టేశాడు.

ఆ గుడ్డని డిపో బస్సులన్నీ చూసుకుంటూ వెళ్లాయి. శుక్రవారం పొద్దున్నే గుమాస్తా పెడణేకర్ ఫైలు పట్టుకుని ఆయన బల్ల దగ్గర కూర్చున్నాడు.

"మనకి యాభై ఎనిమిదికే రిటైర్మెంటు. నీకు అరవై అంటే, రెండేళ్ల నుంచి నువ్వు ఇక్కడ ఎవరు?"

"అది అరవై కాదయ్యా. మామిడి సాఠ్."

"మామిడి తాండ్రకి షామియానా ఎవడు వేస్తాడు? రేపు నేనే వచ్చి చూస్తాను."

శనివారం పొద్దున్నే, వాన మబ్బు కమ్ముకుని ఉండగా, చిన్న బస్సులో పద్నాలుగు మంది దిగారు. చివర ఇందూ అక్క, ఇద్దరి భుజాలు పట్టుకుని. శేవంతి మిషన్ వదిలేసి పరిగెత్తింది. "చిక్కిపోయావు," అంది. "నువ్వే," అంది అక్క. ఇద్దరూ చేతులు పట్టుకుని అక్కడే నిలబడిపోతే మిగతావాళ్లు సామాను వాళ్ల చుట్టూ తిప్పి మోసుకెళ్లారు.

జయరాంని పీట మీద కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. పిండి ప్రమిదలు అరవై వెలిగించారు. సరిగ్గా అప్పుడే షామియానా వాడు రంగు దీపాలన్నీ మిషన్ ఉన్న తీగకే తగిలించి మీట నొక్కాడు. టప్పున ఇంటి కరెంటు పోయింది. వంటింట్లోంచి కాలిన వాసన వచ్చింది. కొల్హాపూర్ మిషన్ అంతటితో సరి.

ఆ మబ్బు చీకట్లో పెడణేకర్ లేచాడు. "హారతికి ముందు ఒక్క మాట. ఈయన పుట్టిన తేదీ ఏది?"

చుట్టాల ముందు అరవై, డిపో ముందు యాభై ఏడు. జయరాం రెండు వైపులా చూశాడు. ఉద్యోగమే గెలిచింది. శాలువా కిందనుంచి స్కూలు సర్టిఫికెట్ తీసి ఇచ్చాడు.

"యాభై ఏడే," అన్నాడు పెడణేకర్, దీపం దగ్గర పెట్టుకుని చదివి.

"మరి సాఠ్ అవుతోందని రాశారుగా?" అంది ఋజుతా.

శేవంతి వంటింట్లోంచి పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టింది. "ఇదమ్మా సాఠ్."

ఋజుతా వంగి చూసింది. "ఆంబా పోళీ," అంది చాలా నెమ్మదిగా. పద్నాలుగు మందీ అటే చూశారు. వెలిగించిన దీపాలు ఊరికే ఆర్పకూడదని పెద్దావిడెవరో అంటే, ఆ అరవై దీపాలతో యాభై ఏడేళ్ల మనిషికి హారతి ఇచ్చేశారు. అందరికంటే ముందు భోజనానికి కూర్చున్నది పెడణేకర్.

మధ్యాహ్నం ఎండ కాసింది. పచ్చిగానే ఉన్న పళ్ళేలు వాకిట్లోకి వచ్చాయి. పక్కన రెండు కుర్చీలు, రెండు కర్రలు.

"పాపం ఋజుతా," అంది శేవంతి. "సాఠ్ అంటే అరవై అనుకుంది."

అక్క కర్రతో కాకిని అదిలించింది. "అదెందుకు అనుకుంటుంది. ఆ మెసేజ్ ముందు చదివింది నేను. ఏమిటత్తయ్యా అనడిగితే, మీ చిన్నమామయ్యకి అరవై నిండుతున్నాయి అని చెప్పాను."

శేవంతి కర్ర కింద పెట్టి అక్క వైపు తిరిగింది.

"నేనూ వెంగుర్లాలోనే పుట్టానే. తాండ్ర తినాలనుంది, చెల్లెల్ని చూడాలనుంది అని నాలుగేళ్లుగా అంటున్నాను. అన్నప్పుడల్లా నా మోకాళ్లు గుర్తుచేశారు. షష్టిపూర్తి అనగానే మోకాళ్ల సంగతే ఎవరికీ గుర్తు రాలేదు." అక్క పళ్ళెం అంచు వేలితో నొక్కి చూసింది. "ఇంకా తడిగానే ఉంది. రేపు సాయంత్రమే మా బస్సు."

శేవంతి లేచి లోపలికి వెళ్లింది. గిన్నెలో మిగిలిన గుజ్జంతా తెచ్చి, పళ్ళేలన్నిటి మీదా మందంగా ఇంకో పొర పోసింది.

"ఇప్పుడిది ఎప్పటికి ఆరేను?" అంది అక్క.

"ఎండ కాస్తే బుధవారానికి. లేకపోతే ఇంకా ఆలస్యం."

"ఆరకుండా వదిలేసి ఎలా వెళతాను," అంది అక్క, కుర్చీ సర్దుకుని, రెండో చేత్తో చెల్లెలి చెయ్యి పట్టుకుని.

మూడేళ్ల తర్వాత జయరాంకి నిజంగానే అరవై నిండినప్పుడు, అదెప్పుడో అయిపోయిందిగా అని చుట్టాల్లో ఒక్కరూ రాలేదు.