పన్నెండు గుంటల ట్రే

ఈ కాలంలో కూడా పెనం మీద ఆమ్లెట్ వేస్తున్న ఆడవాళ్లను చూస్తే నాకు జాలి కలుగుతుంది. ఒక్కో గుడ్డూ కొట్టడం, గిలకొట్టడం, తిప్పడం, ఒక్కొక్కరికీ వడ్డించడం! ఎంత వెనకబాటుతనం! మా ఇంట్లో ఆ బాధ తీరిపోయి నాలుగు నెలలైంది. మాకిప్పుడు మఫిన్ ట్రే ఉంది.

తెలియనివారి కోసం చెబుతున్నాను. మఫిన్ ట్రే అంటే ఒక నల్లటి రేకు. అందులో పన్నెండు గుంటలుంటాయి. గుంటకో గుడ్డు పోసి, పైన ఎవరికి కావలసినవి వాళ్లకు చల్లి ఓవెన్‌లో పెడితే, ఇరవై నిమిషాల్లో పన్నెండు గుడ్డు బిళ్లలు పొంగి వస్తాయి. ఆదివారం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే గురువారం దాకా పొద్దున పూట వంటింట్లో పనే ఉండదు. ఇది నా మాట కాదు. వీడియోలో ఒకావిడ నవ్వుతూ చెప్పిన మాట. పన్నెండు గుడ్లూ కొట్టాక కూడా ఆవిడ గోళ్ల రంగు చెదరలేదు.

ఆ వీడియో చూసి ట్రే తెప్పించింది మా వారు సుశీల్ కుమార్ గారు. కావలిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. ఆయన ఊరికే తెప్పించలేదు. నా మీద దయతో తెప్పించారు.

"పొద్దున్నే మేమందరం తినేదాకా నువ్వు స్టవ్ కాడే నిలబడి ఉంటావు. ఇది ఉంటే నువ్వు కూడా మాతో కూర్చోని వేడివేడిగా తినొచ్చు గదా," అన్నారు.

పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో నా టిఫిన్ గురించి ఆయన నోట ఒక మాట రావడం అదే మొదలు. ఆ మాట మీద గౌరవంతోనే నేనీ ట్రేని ఇప్పటికీ నేల మీద పెట్టను.

ట్రే వచ్చాక తెలిసింది, మా ఇంట్లో ఓవెన్ లేదని.

నవ్వకండి. మా క్రైస్తవుల ఇళ్లలో కేకు చేయడమంటే పిండి కలపడం వరకే. డిసెంబర్ వస్తే మైదా, చక్కెర, వెన్న, గుడ్లు ఇంట్లో కలిపి, గిన్నె చంకన పెట్టుకుని బేకరీకి పోతాం. కాల్చేది బేకరీవాళ్లు. 'ఇంట్లో చేసిన కేకు' అని వీధంతా పంచేది మేము. చిన్నప్పటి నుంచీ అదే చూసిన మనిషి కాబట్టి, కాల్చడానికి పొయ్యి కూడా కావాలన్న సంగతి మా వారికి తోచలేదు.

మా అత్తగారు మగ్దలీనమ్మ గారు ట్రేని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇడ్లీ రేకుల్లో పోసి ఆవిరి పెట్టుంటే అయిపోయేది గదరా. దీనికింత రాద్ధాంతమేంది?"

"ఇడ్లీ రేకుల్లో పదహారు గుంటలమ్మా. మనకు పన్నెండు చాలు," అన్నారు మా వారు.

లెక్కల లెక్చరర్‌తో లెక్కల్లో ఎవరు వాదిస్తారు?

ఈ ట్రే వల్ల మొట్టమొదటి లాభం, మా ఇంట్లోకి ప్రజాస్వామ్యం రావడం. ఇదివరకు నేను ఏ ఆమ్లెట్ వేస్తే అందరూ దాన్నే తినేవాళ్లు. నియంతృత్వం! ఇప్పుడు ఎవరి గుంట వారిది, ఎవరి హక్కు వారిది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి మెర్లిన్ గుంటల్లో చీజ్, మొక్కజొన్న ఉండాలి, ఉల్లిపాయ ఉండకూడదు. కాలేజీ బస్సులో పక్కనున్న పిల్ల మొహం తిప్పుకుంటుందట. మా వారి గుంటల్లో పచ్చసొన ఉండకూడదు. రక్త పరీక్ష కాగితంలో ఏదో అంకె ఎక్కువగా వచ్చింది. మా అత్తగారి గుంటల్లో జువ్వలదిన్నె నుంచి తెప్పించిన ఎండురొయ్యల పొడి ఉండాలి, పచ్చసొన దండిగా ఉండాలి. కాబట్టి కొడుకు వద్దన్న సొనలన్నీ తల్లికి పోతాయి. ఆవిడ రక్తాన్ని ఎవరూ పరీక్షించలేదు కనుక ఆవిడ ఆరోగ్యంగానే ఉన్నారు.

ఏది ఎవరిదో తెలియడానికి గుర్తులు కూడా పెట్టాను. మా వారికి కరివేపాకు. అత్తగారికి మిరియం. మెర్లిన్‌కి మొక్కజొన్న గింజ. ఎన్నికల గుర్తులు ఇంతకంటే స్పష్టంగా ఉంటాయా?

రెండో లాభం, ప్రయాణం. ప్రతి ఆదివారం ఆరాధన ముగిసి, ఇంటికొచ్చి, భోజనాలయ్యాక నేను స్కూటీ మీద అమీర్ బాషా గారి బేకరీకి వెళతాను. మధ్యాహ్నం బన్నులు దించేశాక కూడా ఆయన పొయ్యి చాలాసేపు వేడిగా ఉంటుంది. మొదటి వారం గుడ్లు ఇంట్లోనే గుంటల్లో పోసుకుని, పైన పళ్లెం మూసి, స్కూటీ ముందు పెట్టుకుని బయల్దేరాను. మా ఇంటికీ బేకరీకీ మధ్య ఆరు స్పీడ్ బ్రేకర్లున్నాయి. ఆ సంగతి ఆ రోజే తెలిసింది. సోమవారం పొద్దున మా వారి పళ్లెంలో రొయ్యలు వచ్చాయి. మెర్లిన్ కాలేజీకి వెళ్లనంది. మా అత్తగారు మెర్లిన్ చీజ్ నోట్లో పెట్టుకుని, "ఏమ్మే అబిగయీలూ, సబ్బు ఉడకేసినావా?" అని అడిగారు.

రెండో వారం నుంచి మూడు గిన్నెల క్యారియర్‌లో ముగ్గురివీ వేరువేరుగా తీసుకెళ్లి, అక్కడే గుంటల్లో పోస్తున్నాను. చూశారా, సమస్య వస్తే పరిష్కారం దానంతటదే వస్తుంది! శనివారం సాయంత్రం తరిగి పెట్టుకోవాలి, అంతే. ఆదివారం సొనలు వేరుచేయాలి, రొయ్యలు వేయించి దంచుకోవాలి, గుంటలకు నూనె రాయాలి, వెళ్లాలి, పోయాలి, ఆగాలి, తేవాలి, అంటుకున్నవాటిని చెంచా కాడతో గీకాలి, అంతే. గీకితే వచ్చిన తునకలు నావి. ఉప్పు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి అవి చాలు.

ఇంత సులువైన పద్ధతిని దాచుకోకూడదని మా చర్చి స్త్రీల సమాజంలో సాక్ష్యం కూడా చెప్పాను. వెనక బెంచీలోంచి ఫ్లోరా లేచింది.

"అయితే అక్కా, ఇప్పుడు నీకు దండిగా తీరిక దొరకతా ఉండాదా?"

"లేదు. సులువు వంట మొదలుపెట్టాక అసలు తీరడం లేదు," అన్నాను.

అందరూ ఎందుకో నవ్వారు. నేను నిజమే చెప్పాను.

పెనం పారేశానని మీరు అనుకుంటున్నారేమో. పారేస్తే ఎలా? ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డు బిళ్ల ఐసుముక్కలా ఉంటుంది. దాన్ని వేడి చేయాలి కదా! ఏడుంపావుకి మెర్లిన్ బస్సు. ఏడూ ముప్పావుకి మా వారు. ఎనిమిదిన్నరకి, ప్రార్థన ముగించుకుని అత్తగారు. మూడుసార్లు స్టవ్ వెలిగించి, పెనం పెట్టి, మూత వేసి, పక్కన నిలబడతాను. మాడితే మళ్లీ దొరకదు, లెక్క ప్రకారం ఉన్నాయి. ఒకరి తర్వాత ఒకరు వస్తారు కాబట్టి కూర్చోవడం కుదరదు. నేను నిన్నటి అన్నంలో మజ్జిగ పోసుకుని స్టవ్ పక్కనే కానిచ్చేస్తాను.

అంటే, 'నువ్వు కూడా మాతో కూర్చోని వేడివేడిగా' అన్న ఒక్క అంశం తప్ప పథకం మొత్తం అమలవుతోంది. ప్రభుత్వ పథకాలు ఎన్నేళ్లకు అమలవుతున్నాయి? నాలుగు నెలలకే నేను తొందరపడితే ఎలా?

నా విశ్వాసం ఇంత గట్టిగా ఉన్న సమయంలో, పోయిన నెలలో ఒక ఆదివారం, అమీర్ బాషా గారి భార్య మెహబూబున్నీసా బన్నులు ప్యాక్ చేస్తూ నా ట్రేలోకి తొంగి చూసింది.

"ఈ కరేపాకు ఎవురిదక్కా?"

"మా ఆయనది."

"మిరియం?"

"అత్తయ్యది."

"ఈ గింజలు పాపవా? అయితే నాలుగూ, నాలుగూ, నాలుగూ. పన్నెండు." వేళ్లు మడిచి నా మొహంలోకి చూసింది. "మరి నీ గుర్తు ఏదక్కా?"

పాఠకులారా, నేను డిగ్రీ చదివాను. సమాధానం కోసం ట్రే మొత్తం వెతికాను. సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రోజులు. శుక్రవారం ఉపవాస ప్రార్థన. ముగ్గురు మనుషులు, నాలుగు రోజులు, పన్నెండు గుంటలు. శేషం సున్నా. ఎంత చక్కటి లెక్క! అప్పటికి మూడు నెలలుగా ఆ గుంటల్లో పోస్తున్నది నేనే. నాక్కూడా అందులో తప్పు కనబడలేదు.

"నాది లేదులే. దీనికి పన్నెండే గుంటలు," అన్నాను.

"గుంట లేదని మనిషిని ఎగ్గొట్టేస్తారా?" అని, ఆమె లోపలికి కేకేసింది. "ఇదో, వింటుండావా? చిన్న కేకు డబ్బాలో ఒక గుడ్డు కొట్టి పొయ్యిలో పెట్టు. అక్కకి!"

"నా కాడ యాభై డబ్బాలుండాయి. ఒక గుడ్డుకేం కరువు?" అన్నారు లోపల్నుంచి అమీర్ బాషా గారు.

పది నిమిషాల్లో వచ్చింది. అంచులు ఎర్రగా కాలి, నడుమ సొన కదులుతూ, పైన మిరియాల పొడి. పక్కన అప్పుడే చీల్చిన బన్ను. నేను నిలబడే చెయ్యి చాపాను.

"కూర్చోక్కా. నిలబడి తినేవాళ్లకు మా బేకరీలో పెట్టం," అంది మెహబూబున్నీసా, స్టూలు జరుపుతూ.

కూర్చున్నాను. మొదటి ముక్కకే నాలుక కాలింది. వేడిది తినేటప్పుడు ఊదుకోవాలన్న సంగతి మరిచిపోయాను.

ఆ రోజు నుంచి ఆదివారం బేకరీ పని అరగంట ఎక్కువ పడుతోంది. మా వారు అది గమనించారు. ఆయన దయగల మనిషని ముందే చెప్పాను కదా! పోయిన ఆదివారం భోజనాలయ్యాక అందరి ముందూ ఫోన్ తెరిచి, ఒక ఓవెన్ బొమ్మ చూపించారు.

"పాపం, నువ్వు ఎండలో అంత దూరం తిరగతా ఉండావు. ఇది కొనేస్తా. ఇంక ఇల్లు కదిలే పనే ఉండదు."

"ఇందులో ఎన్ని గుంటల ట్రే పడుతుంది?" అని అడిగాను.

"పన్నెండు. మనకు సరిగ్గా సరిపోతుంది," అన్నారు.

ఓవెన్ వద్దన్నాను. బేకరీ పొయ్యిలో వచ్చే రుచి కరెంటు ఓవెన్‌లో రాదన్నాను. అత్తగారు ఔనన్నారు. మెర్లిన్ ఔనంది. మా వారు కాస్త ఆలోచించి, తేడా ఉంటుందని తానూ ఒప్పుకున్నారు.

"అయితే ఇంట్లో అందరిదీ ఒకే మాట," అన్నారు మూడు వేళ్లు చూపిస్తూ.

నేను క్యారియర్ సర్దుకుని స్కూటీ తాళం తీసుకున్నాను.