నెయ్యి ఎక్కువైందని ఫిర్యాదు

ముసలివాళ్ళు సుఖంగా ఉన్నారో లేదో తెలుసుకోవాలంటే ముసలివాళ్ళను అడగకూడదు. వాళ్ళను చూసుకునేవాళ్ళను అడగాలి. ఇది సర్కారువారు ఎంతో ఆలోచించి కనిపెట్టిన పద్ధతి. టెలిగ్రాపు తీగ తరువాత ఇంత గొప్ప సంగతి మా జిల్లాలోకి ఇంకోటి రాలేదు.

విజయ నామ సంవత్సరంలో, ద్రాక్షారామానికి కోసెడు దూరంలో, కాలువ గట్టున, తాలూకా బోర్డువారి వృద్ధ సంరక్షణ సత్రంలో మేం పదకొండుమందిమి సంరక్షింపబడుతూ ఉండేవాళ్ళం. వారానికోసారి బోర్డువారి బండిలో నేతి జాడీ వచ్చేది. వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చి, పెరటి గుమ్మంలోంచి మేనేజరు చంద్రరావుగారి ఇంటికి వెళ్ళేది. మా మధ్యనుంచే వెళ్ళేది కాబట్టి వాసన మాత్రం మాకు దక్కేది. వాసన కూడా దక్కలేదని నేను అనను. ఈ వయసులో అబద్ధం దేనికి?

నా సంగతి ఎలా ఉన్నా, మా పదకొండుమందిలో ఒకతె అయిన సూరమ్మక్క గురించే నా దిగులు. ఆవిడకు పళ్ళు ఒక్కటీ లేవు. సత్రంలో పెట్టేది పలుకుపలుకుగా ఉన్న అన్నం, పప్పు బద్ద తగలని నీళ్ళ చారు. నాలుగు ముద్దలు నోట్లో అటూ ఇటూ తిప్పి, మింగుడుపడక, పెరట్లో కాకులకు వేసేసేది. ఆ ఏడు మా కాకులు బాగా ఒళ్ళు చేశాయి. సూరమ్మక్క చేతి కడియం మాత్రం మోచెయ్యి దాటి పైకి పోయింది. ఇంత నెయ్యి వేసి అన్నం మెత్తగా పిసికి పెడితే ఇంకో నాలుగేళ్ళు మిమ్మల్నందరినీ సతాయిస్తానని అంటూ ఉండేది. పెట్టకపోతే సంక్రాంతి దాకా ఉండదని నాకు తెలుస్తూనే ఉంది.

ఇలా ఉండగా సత్రాలు తనిఖీ చెయ్యడానికి దొరగారు పడవమీద బయలుదేరారన్న కబురు వచ్చింది. ఈ దొర తెలుగు పరీక్ష ప్యాసయిన దొర. పక్క తాలూకాలో ఒక సత్రానికి వెళ్ళి ఫిర్యాదుల పుస్తకం అడిగారట. అందులో ఒక్క ఫిర్యాదూ లేదట. అయితే ఇక్కడ నోరెత్తే ధైర్యం ఎవరికీ లేదన్నమాట అని, ఆ మేనేజరును ఆ పూటే ఇంటికి పంపించేశారట.

చంద్రరావుగారికి చెమటలు పట్టాయి. మాకూ ఫిర్యాదుల పుస్తకం ఉంది. తోలు అట్ట, మంచి బరువు. గాలికి తలుపు కొట్టుకోకుండా ఐదేళ్ళనుంచీ దాన్నే అడ్డం పెడుతున్నారు. లోపల ఒక్క అక్షరం లేదు.

మా పదకొండుమందిలో రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. వీధిబడిలో మూడేళ్ళు ఇసుకలో వేలు అరగదీశాను. చంద్రరావుగారు ఆ పుస్తకం దుమ్ము దులిపి, నా ముందు పెట్టి, పక్కన కూర్చున్నారు. ఐదేళ్ళలో ఆయన నా పక్కన కూర్చోవడం అదే మొదలు.

"వీరాస్వామీ, ఒక చిన్న ఫిర్యాదు రాసిపెట్టు. నా ఉద్యోగం నీ చేతిలో ఉంది."

నేను కలం ముంచి, అన్నం ఉడకడం లేదు, సూరమ్మ మింగలేక చిక్కిపోతోంది అని రాశాను. ఆయన చదివి ఆ కాగితం చింపేశారు.

"ఇది నిజం కదయ్యా. నేను అడిగింది ఫిర్యాదు."

సరే, దోమలున్నాయని రాస్తానన్నాను. దోమలు కాలువలోంచి వస్తాయి, కాలువ సర్కారుది, సర్కారుమీద ఫిర్యాదు చేస్తే రాజద్రోహం అవుతుందన్నారు. కప్పు కురుస్తోందంటానన్నాను. కప్పు వేయించింది బోర్డు మెంబరుగారి బావమరిది అన్నారు. కాకుల గొడవ ఎక్కువైందంటానన్నాను. కాకులు ఏం తిని బలిశాయని దొర అడుగుతారు, వద్దన్నారు. మధ్యాహ్నం దాకా ఇలా వెతికాం. మా సత్రంలో చెప్పుకోదగ్గ లోపాలు చాలా ఉన్నాయి గానీ, చెప్పదగ్గది ఒక్కటీ దొరకలేదు.

మూల పడుకున్న సూరమ్మక్క ఇదంతా వింటోంది. విసుగెత్తి ఇటు తిరిగింది.

"నెయ్యి ఎక్కువైపోయిందని రాయి, తమ్ముడూ. తినలేక చస్తున్నామని రాయి."

ఆవిడ వెటకారంగా అంది. చంద్రరావుగారి మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది. ఇంత తెలివి ఆడవాళ్ళలో ఉంటుందని తాను అనుకోలేదన్నారు. వెంటనే తానే చెప్పి మరీ రాయించారు. నేను రెండు గరిటెలు అని రాయబోతే, చూసేవాళ్ళకు బాగుండదు, నాలుగు అని వెయ్యమన్నారు. లేని నేతిని కూడా ఆయన చేత నాలుగు గరిటెలు పోయించిన ఘనత నాది.

దొరగారు వచ్చారు. ఆ పూటకు మాకు దుప్పట్లు వచ్చాయి, వాటిమీద కూర్చోవద్దని ఆజ్ఞ కూడా వచ్చింది. కాబట్టి మేం నేలమీద కూర్చున్నాం. దొరగారి చేతిలో నలభై ప్రశ్నలున్న కాగితం ఉంది. వృద్ధులు ఉత్సాహంగా ఉంటారా అని దొర అడిగితే, ఉత్సాహం పట్టలేకపోతున్నామండి అని చంద్రరావుగారు చెప్పారు. రాత్రులు నిద్రపోతారా అంటే, పగలు కూడా పోతారండి అన్నారు. ప్రతిదానికీ దొర ఒక గీత పెట్టుకున్నారు.

తరువాత పుస్తకం తెరిచారు. ఒక్కొక్క అక్షరం మీదా వేలుపెట్టి చదివారు. మొహం గంభీరంగా అయింది.

"ముసలివాళ్ళకు నాలుగు గరిటెల నెయ్యా?" అన్నారు. సూరమ్మక్క వైపు తిరిగి, అవ్వా, ఆ నెయ్యి వల్ల నీకు ఏమైనా ఇబ్బంది కలిగిందా అని అడిగారు.

సూరమ్మక్క చేతులు జోడించింది.

"ఆ నెయ్యి నా కంటికి కనపడటం లేదు బాబూ."

దొర జాలిపడ్డారు. నెయ్యి మితిమీరినందువల్ల చూపు దెబ్బతిన్నదని కాగితంమీద రాసుకుని పడవెక్కి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం చంద్రరావుగారు ఎంత ఆనందించారంటే, దుప్పట్లు రెండు రోజులు ఆలస్యంగా తీసుకుపోయారు.

పదిహేనో రోజున హుకుం వచ్చింది. తీసుకొచ్చినవాడు చిట్టియ్య అనే బిళ్ళబంట్రోతు. నడుముకు పటకా, దానికి పళ్ళెమంత ఇత్తడి బిళ్ళ. తనకు చదువు రాదు కాబట్టి, హుకుం చంద్రరావుగారి చేతే గట్టిగా చదివించి విన్నాడు.

"సదరు సత్రమందు వృద్ధులకు నెయ్యి మితిమీరి పోయుచున్నట్లు విచారణలో రూఢి అయినది. నేటినుండి మనిషికి పూటకు సరిగా ఒక గరిటె మాత్రమే పోయవలెను. హెచ్చరాదు, తగ్గరాదు. సదరు బంట్రోతు భోజనవేళ నిలిచి కొలత చూడవలెను. ఫిర్యాదుల పుస్తకము అతని స్వాధీనమందు ఉండవలెను."

చిట్టియ్య గరిటె కూడా తెచ్చుకున్నాడు. సర్కారు గరిటె, లోతు ఎక్కువ. ఈ రోజు వీళ్ళెవరికీ నేతిమీద బుద్ధి లేదని చంద్రరావుగారు నచ్చచెప్పబోయారు.

"బుద్ధితో పని లేదండి. హుకుంలో గరిటె అని ఉంది," అన్నాడు చిట్టియ్య.

అర గంటలో నేతి జాడీ పెరటి గుమ్మంలోంచి వెనక్కి వచ్చింది. వెనకాలే చంద్రరావుగారి భార్య గొంతు కూడా వచ్చింది. పలుకు అన్నంలో నెయ్యి కలవడం లేదు, కొలత తెలియడం లేదు అని చిట్టియ్య పేచీ పెడితే, మళ్ళీ ఎసరు పెట్టి మెత్తగా వండించారు. ఎక్కువ నెయ్యి తినరాదన్న ఆజ్ఞవల్ల మేం మొదటిసారి నెయ్యి తిన్నాం. సూరమ్మక్క ముద్ద నోట్లో పెట్టుకుని, మింగి, ఇంకోటి కలుపుకుంది. కాకులు గోడమీద కూర్చుని చాలాసేపు చూసి లేచిపోయాయి.

వారం తిరిగేసరికి చంద్రరావుగారు చిక్కిపోయారు. నన్ను నూతి దగ్గర పట్టుకుని బతిమాలారు. ఆ ఒక్క గరిటె కూడా ఒంటికి పడటం లేదని ఒక ఫిర్యాదు రాయాలట. తాను దగ్గరుంటే బంట్రోతుకు అనుమానం వస్తుంది కాబట్టి, దూరంగా అరుగుమీద నిలబడతానన్నారు. పెద్దమనిషి అంతగా అడిగితే కాదనడం బాగుండదు.

చిట్టియ్య పుస్తకం తెరిచి పట్టుకున్నాడు. నేను రాశాను.

"అయ్యా, ఏలినవారి దయవల్ల నేతి బాధ తీరినది. అయితే ఇక్కడ కందిపప్పు పూటకు మనిషికి మూడు గిన్నెలు పోయుచున్నారు. దీనికి కూడా ఒక కొలత ఏర్పాటు చేయించవలెను."

చిట్టియ్య ఇసుక చల్లి, తడి ఆరాక, పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. అరుగుమీదనుంచి చంద్రరావుగారు నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు.